పులిసిన పెరడు

మద్దిలేటి ఇంటి పెరడు పులిసి, దోసెపిండిలా పైకి లేవడం మొదలుపెట్టిన తొమ్మిదో రోజున సున్నపుగుట్ట పురపాలక సంఘం నుంచి మొదటి నోటీసు వచ్చింది. పెరడు లేవడం మీద సంఘానికి అభ్యంతరం లేదనీ, దరఖాస్తు పెట్టకుండా లేవడమే తప్పనీ అందులో ఉంది. దరఖాస్తు మూడు ప్రతుల్లో, పెరడు లేవడానికి పదిహేను రోజుల ముందు ఇవ్వాలి. మద్దిలేటి పాత తేదీ వేసి ఇచ్చాడు. గుమాస్తా దాన్ని తీసుకుని ముద్ర వేశాడు. ఆ ఆఫీసులో అందరూ పాత తేదీలే వేస్తారు.

మద్దిలేటి నాపరాతి బండలు కోసే ఫ్యాక్టరీలో రంపం మీద పనిచేస్తాడు. అతని భార్య సుంకమ్మ అదే ఫ్యాక్టరీలో పదకొండేళ్లు బండలకు పాలీషు పట్టింది. రాతిపొడి ఆమె రొమ్ములో పేరుకుపోయింది. నాలుగు మాటలు మాట్లాడితే రెండుసార్లు దగ్గు వచ్చేది. కర్నూలు డాక్టరు ఎక్స్‌రే ఫోటో తీయించి చూసి, మందులకంటే మంచి గాలి ముఖ్యమని చెప్పి, మంచి గాలి ఎక్కడ దొరుకుతుందో మాత్రం రాయలేదు. పద్నాలుగేళ్లు బాడుగ గదుల్లో ఉన్న ఆ ఇద్దరూ ఊరి చివర మూడు సెంట్లలో పాత ఇల్లు కొన్నారు. సెంటున్నరలో ఇల్లు, సెంటున్నరలో పెరడు. పెరట్లో ఒక ఆపిల్ చెట్టు ఉంది.

ఆ చెట్టును నాటినవాడు ఇల్లు అమ్మిన సుబేదారు కుళ్లాయప్ప. సైన్యంలో ఉండగా చలికొండల నుంచి మొక్కగా తెచ్చాడు. నలభై నాలుగు డిగ్రీల ఎండలో అది చావకుండా, పెరగకుండా, ఏడేళ్లుగా నడుమెత్తున నిలబడి ఉంది. తాళాలు ఇచ్చేటప్పుడు ఆయన సుంకమ్మకు కొండవాళ్లు ఆపిల్ పండ్లతో పులుపు సారా ఎలా కాస్తారో చెప్పాడు. కాయడం అంటే పొయ్యి మీద కాదు. పండ్లను దంచి, గుడ్డలో పిండి, ఆ రసాన్ని గాజు జాడీలో పోసి మూతికి పలచటి బట్ట కట్టి వదిలేయడమే. అదే నురుగుతుంది, అదే సద్దుమణుగుతుంది. అడుగున మిగిలే మడ్డిని మాత్రం పారేయకుండా చెట్టు మొదట్లో పోయాలి. ఆయన తానెప్పుడూ పోయలేదు, ఎందుకంటే ఆ చెట్టు ఆయనకు ఎప్పుడూ కాయలేదు.

సుంకమ్మ పెరటిని చూసుకుంది. రాళ్లు ఏరి పక్కన పెట్టింది, పాదు తవ్వింది, బియ్యం కడిగిన నీళ్లు పోసింది, మధ్యాహ్నం చెట్టుకు పాత చీర కట్టి నీడ పట్టింది. ఆ ఏడు చెట్టు పదకొండు పండ్లు కాసింది. ఒక్కోటి రేగుపండుకంటే కాస్త పెద్దది. ఆమె వాటిని రోట్లో దంచి, పిండి, చిన్న సీసాలో పోసింది. నెల తర్వాత ఇద్దరూ తలా అరగ్లాసు తాగారు. పుల్లగా ఉంది, చివర్లో తియ్యగా ఉంది. అడుగున గరిటెడు మడ్డి మిగిలితే చెట్టు మొదట్లో పోసింది. తెల్లవారేసరికి పెరడు జానెడు ఎత్తు లేచింది.

ఆ రోజు ఆమె పెరట్లోకి మెట్టెక్కినట్టు ఎక్కి నిలబడి, చెట్టు కింద మంచం వేయించుకుంది. అక్కడ కాస్త సులువుగా ఊపిరాడుతోందని మొగుడితో చెప్పింది. జానెడు ఎత్తులో గాలి ఏం మారుతుందని మద్దిలేటి అడగలేదు. ఆమె నాలుగు మాటలు దగ్గకుండా చెప్పడం విన్నాడు.

ఆ తర్వాత జరిగినదంతా లెక్క ప్రకారమే జరిగింది. పైకి పోయేకొద్దీ చలి పెరుగుతుంది. చెట్టుకు కాలం తెలిసేది చలిని బట్టే. పెరడు లేచిన ప్రతిసారీ చెట్టు ఒక చలికాలం గడిచిందనుకుని పూత పూసింది. పూసింది కాబట్టి కాసింది. కాసింది కాబట్టి సుంకమ్మ దంచి పులియబెట్టింది. మడ్డి పోసింది కాబట్టి పెరడు మళ్లీ లేచింది. మూడో నెలకు ఇంటి కప్పు దాటింది. ఆరో నెలకు ఫ్యాక్టరీ పొగగొట్టం దాటింది. సెంటున్నర వెడల్పు మాత్రం ఎక్కడా అంగుళం పెరగలేదు.

సర్వేయరు అన్వర్ బాషా గొలుసు తెచ్చి నాలుగు వైపులా కొలిచి, రికార్డుతో సరిపోయిందని రాశాడు. పాసుపుస్తకంలో పొడవు, వెడల్పు గళ్లే ఉంటాయి, ఎత్తుకు గడి లేదు. గడి లేనిది కొలవడం తన అధికారంలో లేదన్నాడు. ఇంజనీరు వచ్చి, అంత సన్నటి మట్టిగోడ అంత ఎత్తున నిలబడడానికి వీల్లేదనీ, కనుక అది కూలిపోయినట్టే భావించాలనీ ధ్రువపత్రం ఇచ్చాడు. మద్యనిషేధం చూసే ఇన్‌స్పెక్టరు గ్లాసు తాగి, కాసేపు కూర్చుని, ఇంకో గ్లాసు తాగి, ఈ పానీయం వల్ల మనిషి కాక నేల లేస్తోంది గనుక ఇది మనుషుల మత్తు కిందికి రాదని రాసుకుపోయాడు.

పక్కింటి లక్షుమక్క మాత్రం ఫిర్యాదు పెట్టింది. పెరటి నీడ పొద్దున్నంతా పడమటి వీధికే పోతోంది, తమ వీధికి రావడం లేదు. ఆ ఊళ్లో నీడ అంటే మాటలు కాదు. సంఘం విచారించి, ఏ వీధికి ఏ గంటలో నీడ రావాలో పట్టిక తయారుచేసి గోడకు అంటించింది. సూర్యుడికి ఒక ప్రతి పంపే వీలు లేక దాన్ని ఫైలులో ఉంచారు.

సుంకమ్మ కిందికి దిగలేదు. పెరటితోపాటు లేవడానికి ఊపిరి ఖర్చు లేదు. దిగితే మాత్రం మళ్లీ అన్ని మెట్లు ఎక్కే రొమ్ము ఆమెకు లేదు. మద్దిలేటి మట్టిగోడకు మెట్లు చెక్కాడు. మొదట్లో షిఫ్టు దిగి రోజూ ఎక్కేవాడు, తర్వాత వారానికోసారి. గిలక బిగించి బుట్టలో బియ్యం, నూనె, జాడీలు పంపేవాడు. ఖాళీ బుట్టలో ఆమె ఆపిల్ పండ్లు వేసి దించేది.

అక్కడినుంచి ఆమె చూసినవి ఆ ఊళ్లో అంతకుముందు ఎవరూ చూడలేదు. గద్దలు తన కాళ్లకింద తిరగడం చూసింది. పడమట ఎక్కడో వాన తెరలా నడుచుకుంటూ రావడం, అది ఏ పొలం తడుపుతుందో, ఏ పొలం వదిలేస్తుందో వచ్చే ముందే చూసింది. ఊళ్లో దీపాలు వెలిగించాక కూడా చెట్టు మీద ఎండ ఉండేది. ఒక పొద్దున నల్లమల చివర నుంచి చివరకు ఒక్క చూపులో కనబడింది. ఆమె జాడీ చేతిలో పట్టుకుని, పొయ్యాల్సిన మడ్డి పొయ్యడం మరిచిపోయి, ఎండ నడినెత్తికి వచ్చేదాకా అట్లాగే నిలబడింది. ఆ సాయంత్రం ఫోనులో మొగుడికి చెప్పబోయింది. ఇంత పెద్దదా ఇది అని మాత్రం అంది. ఆ మాటలో దగ్గు లేదు.

ఏడాది తిరిగేసరికి పురపాలక సంఘం తీర్మానం చేసింది. పట్టణంలో స్వచ్ఛమైన గాలి ఒక చోట లభ్యమవుతున్నందున దాన్ని ప్రజలందరికీ సమానంగా పంచాలి. పెరట్లో ముప్ఫై మంది పడతారు గనుక గంటకు ముప్ఫై మంది. మెట్లు ప్రమాదకరం గనుక ఊపిరితిత్తులు బాగున్నాయని వైద్యుడి ధ్రువపత్రం తెచ్చినవారికే అనుమతి. బండల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు ఆ ధ్రువపత్రం రాలేదు, మద్దిలేటికీ రాలేదు. మిగతావాళ్లు వరసగా ఎక్కి, గంటసేపు ఊపిరి పీల్చి, సుంకమ్మ ఇచ్చిన పులుపు సారా చిన్న గ్లాసుడు తాగి దిగిపోయేవాళ్లు. ఆమెకు ఊర్ధ్వ సహాయకురాలు అని కాంట్రాక్టు ఉద్యోగం ఇచ్చారు.

రెండో తీర్మానం ఆ నెలలోనే వచ్చింది. పట్టణవాసులకు స్వచ్ఛమైన గాలి అందుబాటులోకి వచ్చినందున, ఫ్యాక్టరీల దుమ్ము మీద ఉన్న ఆంక్షలకు ఇక అవసరం లేదు. ఫ్యాక్టరీలు మూడో షిఫ్టు మొదలుపెట్టాయి. పొడి లేవకుండా రంపాల మీద నీళ్లు పోయడం మానేశారు. పొడి తెల్లగా లేచి ఇళ్లమీద, తర్వాత మిద్దెలమీద, తర్వాత పొగగొట్టాలమీద నిలిచింది. పెరటి అంచుకు బారెడు దిగువకు చేరి, అక్కడినుంచి వారానికి బారెడు చొప్పున పైకి వచ్చింది. పెరడు కూడా వారానికి బారెడు లేస్తోందని అన్వర్ బాషా నివేదిక పంపితే, రెండూ సరిపోయాయని సంఘం సంతృప్తి వెలిబుచ్చింది.

సుంకమ్మకు ఆ లెక్క అర్థమైంది. తాను మడ్డి పోస్తున్నంతకాలం రంపాల పొడి ఆగదు. ఆమె జాడీకి మూత బిగించింది. రంపాల మీద నీళ్లు పోసేదాకా, పొడిని పట్టే యంత్రాలు పెట్టేదాకా పెరడు లేవదని కాగితం రాసి, బుట్టలో పెట్టి దించింది. సంఘం ఆ కాగితానికి నంబరు వేసింది. పెరడు లేవడం ప్రకృతి సహజమనీ, సహజమైన దానికి షరతులు పెట్టే అధికారం కాంట్రాక్టు ఉద్యోగికి లేదనీ జవాబు వచ్చింది.

ఎనిమిది రోజులకు తెలుపు పెరటి అంచును ముట్టింది. మొదట గడ్డి తెల్లబడింది, తర్వాత మంచం కోళ్లు, తర్వాత చెట్టు కింది కొమ్మలు. పదో రోజు ఆమె దగ్గింది. ఒకసారి మొదలైన దగ్గు ఆగలేదు. గాలికి వచ్చిన ముప్ఫైమంది ఆమె చుట్టూ నిలబడి, తమ గంట అయిపోతోందేమోనని ఒకరి చేతి గడియారం ఒకరు చూసుకున్నారు.

మద్దిలేటి మూడో షిఫ్టులో ఉన్నాడు. నోటికి కట్టుకున్న తువ్వాలు తీసి ఫోను చేశాడు.

"మడ్డి పొయ్యి సుంకమ్మా," అన్నాడు.

"పోస్తే నీ మీద ఇంకొంచెం పొడి పడుతుంది గదయ్యా."

"ఇప్పుడు పడేదానికి లెక్క యాడుంది. నువ్వు దగ్గితే ఈడికి ఇనపడతాంది. రంపం మోతలో గూడ ఇనపడతాంది. పొయ్యి."

"నువ్వు పైకి రా. సర్టిఫికెట్టు అడిగేటోళ్లను నేను సూసుకుంటా."

మొన్న ఎక్కబోయి చూశాననీ, నూరు మెట్ల దగ్గర కూర్చుండిపోయాననీ, ఆమెకు చెప్పకూడదనుకున్నాననీ అతను చెప్పాడు. ధ్రువపత్రం అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఆమె బుట్టలో రమ్మంది. పండ్లు మోసే తాడు మనిషిని మొయ్యదన్నాడు. ఫోనులో ఆమె వైపు నుంచి దగ్గు, అతని వైపు నుంచి దగ్గు, మధ్యలో రంపం.

సుంకమ్మ మూత తీసి మడ్డి పోసింది. పెరడు లేచింది. తెలుపు మెల్లగా మంచం కిందికి, గడ్డి కిందికి, అంచు కిందికి దిగిపోయింది. ముప్ఫైమంది హాయిగా ఊపిరి తీసుకున్నారు. ఒకాయన ఆమెకు నమస్కారం పెట్టాడు.

ఇప్పుడు పొరుగూళ్ల నుంచి కూడా వస్తున్నారు. మెట్లకు ఇనుప కడ్డీలు వేశారు. పొద్దుటి గంటకు గిరాకీ ఎక్కువ. ఆ వేళ తూర్పున సూర్యుడు లేచి, కింద పరుచుకున్న తెలుపంతా పాలసముద్రంలా మెరుస్తుంది. అలలు లేస్తాయి, మలుపులు తిరుగుతాయి, గులాబీ రంగుకు మారి బంగారమవుతాయి. ఎక్కి వచ్చినవాళ్లు చేతులు కట్టుకుని అంచున నిలబడిపోతారు. కొందరు కళ్లు తుడుచుకుంటారు. అది నిజంగానే అంత అందంగా ఉంటుంది. సుంకమ్మ కూడా చాలాసార్లు అట్లా నిలబడింది.

మొన్న ఆదోని నుంచి వచ్చిన కొత్త దంపతుల్లో అమ్మాయి చాలాసేపు చూసి, మంచుమేఘం ఇంత తెల్లగా ఉంటుందని తనకు తెలియదని చెప్పింది. ఇంతకీ ఊరు ఎక్కడుందక్కా అని అడిగింది.

సుంకమ్మ గ్లాసులు కడుగుతూ, చేయి చాచి ఆ వెలుగులో ఒక చోటు చూపించింది.

"ఆడ," అంది. "మా ఆయన ఆడుండాడు."

అమ్మాయి ఆ చోటును ఫోటో తీసుకుంది.