శాంతికుమార్ చల్లగా పడుకున్న రోజు

ఆ సోమవారానికి సంపూర్ణ వేసుకున్న ప్రణాళికలో ఒకటే పని ఉంది. మొగుణ్ణి పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా నిద్రపుచ్చడం. పసిపిల్లల తల్లులు రోజూ చేసే పనే. కాకపోతే శాంతికుమార్‌కు నలభై ఒక్క ఏళ్ళు, ఎనభై రెండు కిలోలు. మణుగూరు దగ్గర బొగ్గు గనిలో నైట్ షిఫ్ట్‌లో మట్టి మోసే డంపర్ బండి నడుపుతాడు. అది 2003 మే నెల. గని కాలనీ క్వార్టర్‌లో గోడకు వీపు ఆనిస్తే దోసె పెనానికి ఆనించినట్టు ఉండేది.

అంతకు ముందు శుక్రవారం రాత్రి శాంతికుమార్ డంపర్ మీద కునుకు తీశాడు. ఒక్క క్షణమే. ఆ క్షణంలో డంపర్ వెళ్ళి మట్టికట్టకు ముక్కు ఆనించి నిలబడింది. కట్టకు అవతల ఎనభై అడుగుల గొయ్యి. అండర్ మేనేజర్ శివకుమార్ పిలిచి, "ఇంకొక్కసారి కునుకు తీస్తే డంపర్ దించి చేతికి పార ఇస్త," అన్నాడు. శాంతికుమార్ ఇంటికొచ్చి పార సంగతి చెప్పాడు, గొయ్యి సంగతి చెప్పలేదు. అది సంపూర్ణకు నీళ్ళ పంపు దగ్గర తెలిసింది. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకూ నిద్ర లేదు.

తప్పంతా పరుపుది. జనవరిలో ఖమ్మం ఎగ్జిబిషన్‌లో శాంతికుమార్ ముచ్చటపడి కొన్న ఆరంగుళాల స్పాంజి పరుపు అది. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటుందని అమ్మేవాడు చెప్పాడు. "ఏ కాలం నడుస్తుందో దీనికెట్ల తెలుస్తదండి?" అని సంపూర్ణ అక్కడే అడిగింది. అమ్మేవాడు ఆమెను వదిలేసి శాంతికుమార్ వైపు తిరిగి మాట్లాడాడు. ఇంటికి తెచ్చాక, మాసిపోతుందని పైన ఉన్న ప్లాస్టిక్ కవరు కూడా తీయనివ్వలేదు మహానుభావుడు. మే వచ్చేసరికి ఆ పరుపు మీద పడుకున్నవాడు చెమటలో జారి, నిద్రలోనే మంచం ఈ కొస నుంచి ఆ కొసకు ప్రయాణం చేసేవాడు.

పోనీ వేడి ఒక్కటే శత్రువైనా బాగుండు. పగలు పడుకునేవాడికి లోకమంతా శత్రువే. కూరగాయల బండికి మైకు, ఐస్‌క్రీమ్ బండికి గంట. ఎదురింటి సోమమ్మకు మిరపకాయల రోలు. ఆ ఎండుకారం దంచుడు మొదలైతే మూడిళ్ళ గిన్నెలు అదిరేవి. శనివారం సంపూర్ణ వెళ్ళి బతిమాలింది.

"సోమక్కా, సాయంత్రం దంచుకోరాదూ? మా ఆయన పడుకోవాలె."

"పగటిపూట పండుకునేటోళ్ళ కోసం లోకం నోరు మూసుకుంటదా బిడ్డా? మా మంగయ్య నైట్ షిఫ్టే గద. రోలు పక్కన్నే పండుకుంటడు. దంచుడు ఆపితే లేస్తడు!"

లోకాన్ని మార్చడం కుదరదని తేలిపోయింది కనుక సంపూర్ణ పడకను మార్చాలని నిశ్చయించుకుంది. ఆదివారం చర్చి అవగానే బస్సెక్కి భద్రాచలం వెళ్ళి, నీళ్ళు పీల్చుకునే మంచి తుంగచాప ఒకటి కొన్నది. ప్లాస్టిక్ చాపలు రంగులు బాగుంటాయన్న దుకాణదారును ఒక్క చూపుతో కూర్చోబెట్టింది. ముతక నూలు దుప్పటి తెల్లది కొని, గంజి పోయేదాకా రెండుసార్లు ఉతికింది. గంజి ఉన్న బట్టలో గాలి ఆడదు. ఈ ముక్క ఆమె చదివిన డిగ్రీలో చెప్పలేదు, అమ్మమ్మ చెప్పింది. రబ్బరు దిండు అటక ఎక్కింది, బూరుగుదూది దిండు కిందికి దిగింది. ఐసు కంపెనీ వాడికి రెండు గడ్డలు పంపమని చెప్పింది. సోమవారం తెల్లారగానే ముందు గది గచ్చు కడిగి, చాప పరిచి, ఐసు తొట్టి వెనక టేబుల్ ఫ్యాను పెట్టి, గాలి అటూ ఇటూ ఆడేలా వీధి తలుపు బార్లా తెరిచింది.

శాంతికుమార్ డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, జొన్న అంబలి తాగి చాప మీద వాలాడు. చెవుల్లో దూది పెట్టుకున్నాడు. వెలుతురు పడకుండా, సంపూర్ణ తడిపి ఇచ్చిన తెల్లదుప్పటి ముఖం మీదుగా కప్పుకున్నాడు. రెండు నిమిషాల్లో నిద్రపోయాడు. గురక కూడా లేదు. పదిహేనేళ్ళ కాపురంలో అతను గురక లేకుండా పడుకోవడం అదే మొదటిసారి. సంపూర్ణ కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ సంతోషంలో స్పాంజి పరుపును ఈడ్చుకుంటూ వెళ్ళి గేటు బయట పడేసింది.

ఎదురింట్లో రోకలి ఎత్తిన సోమమ్మ ఎత్తినట్టే ఆగిపోయింది.

కాలనీలో ఒక ఇంటికి ఐసు గడ్డలు రావడానికి రెండే కారణాలు. పెళ్ళి అయితే ముందు టెంటు వస్తుంది. ఇక్కడ టెంటు లేదు. ఇక పరుపు గేటు బయట పడిందంటే, ఆ పరుపు మీద పడుకునే మనిషి మళ్ళీ పడుకోడని అర్థం. పోయినవాళ్ళ పడక ఇంట్లో ఉంచుకోరు. తెరిచిన తలుపులోంచి చూస్తే చాప, తెల్లదుప్పటి, చెవుల దగ్గర దుప్పటి తొలగి కొంచెం దూది. పైగా గేటు దగ్గర కళ్ళు తుడుచుకుంటున్న సంపూర్ణ.

సోమమ్మ రోకలి వదిలేసి పరుగెత్తుకొచ్చింది. "ఎంత పనాయె బిడ్డా! ఎప్పుడాయె?"

"ష్! ఎనిమిదింటికి."

"నిన్న రాత్రి డ్యూటీకి పోంగ మంచిగనే ఉండె గదనే!"

"ఇప్పుడు కూడ మంచిగనే ఉన్నడు. మెల్లగ మాట్లాడు అక్కా, పడుకున్నడు. లేస్తడు."

సోమమ్మ రెండు చేతులతో ఆమెను పొదివి పట్టుకుంది. "అవ్ బిడ్డా, పడుకున్నడు, పడుకున్నడు," అంది. మా పెదనాన్న పోయినప్పుడు మా పెద్దమ్మ కూడా గిట్లనే అన్నదని వెనకాల వచ్చిన వాళ్ళతో చెప్పింది.

అర్ధగంటలో వాకిలి నిండింది. సోమమ్మ మొగుడు మంగయ్య రోలు పక్కన పడక వదిలి వచ్చాడు. యూనియన్ మనిషి కనుక ఒక్కడే రాలేదు. నైట్ షిఫ్ట్ చేసి అప్పుడే నడుం వాల్చిన డంపర్ డ్రైవర్లను మరో పది మందిని లేపుకొచ్చాడు. "వడదెబ్బ," అన్నాడొకడు. "శుక్రవారం వార్నింగ్ ఇచ్చిన్రు గద, ఆ రంధితోని పోయిండు," అన్నాడు ఇంకొకడు.

"అన్నా, ఆయన బతికే ఉన్నడు," అంది సంపూర్ణ పళ్ళు బిగించి. "చూడుండ్రి, ఊపిరికి దుప్పటి కదుల్తలేదా?"

అందరూ చూశారు. దుప్పటి కదులుతోంది. ఫ్యాను వైపు కూడా చూశారు. మంగయ్య వంగి, చాప కొసన బయటికి వచ్చిన పాదాన్ని రెండు వేళ్ళతో తాకి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"సల్లగయిపోయిండు."

"చల్లగ కావాలనే గద నేను రెండు రోజుల సంది చస్తున్న! రెండు గడ్డల ఐసు దేనికి పెట్టిన?"

"ఊకో చెల్లె, ఊకో."

"లేపి చూస్తే తెలుస్తది గద," అని వెనక నుంచి ఎవరో తెలివైనవాడు అన్నాడు. సంపూర్ణ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఎవరన్న లేపిండ్రంటే మాత్రం మర్యాద దక్కదు! మూడు దినాలకు కన్నంటింది మనిషికి. ఇప్పుడు లేపితే ఈ రాత్రి డంపర్ మీద మళ్ళ కునుకు తీస్తడు. గొయ్యిల పడితే మీరొచ్చి ఎత్తుతరా?"

ఆ మాటకు ఆడవాళ్ళంతా ఒక్కసారి గొల్లుమన్నారు. పాపం, రాత్రికి డ్యూటీకి కూడా పంపుతానంటోంది.

సంపూర్ణకు ఒళ్ళు మండింది. బతికున్న మొగుడి కోసం రోలు ఆపమంటే ఆపలేదు. మైకు ఆపమంటే కూరగాయలవాడు బేరం పోతుందన్నాడు. ఇప్పుడు మాత్రం ఊరు ఊరంతా పనులు మానుకుని వచ్చి, ఇన్నాళ్ళకు నిద్రపోయిన మనిషి నెత్తి మీద కూర్చుని ఏడుస్తోంది.

అప్పుడే పాస్టరు షాలేమ్‌రాజు సైకిల్ దిగాడు. పాటల పుస్తకం తెరుస్తుంటే సంపూర్ణ చేతులు జోడించింది.

"అయ్యగారూ, పాట వద్దు. ఏడుపులు వద్దు. నాలుగింటిదాకా చప్పుడు చెయ్యకుంటే చాలు."

"నాలుగింటికి ఏముందమ్మా?"

"లేస్తడు."

షాలేమ్‌రాజు గొంతు సవరించుకున్నాడు. "నాలుగింటికే అని... నీకెవరు చెప్పారమ్మా?"

"ఒకరు చెప్పేదేంది? నాకు తెల్వదా?"

ఈ కాలనీలో విశ్వాసం ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరని షాలేమ్‌రాజు నిన్న ఆదివారమే గంటసేపు బాధపడ్డాడు. ఇప్పుడు ఇంత విశ్వాసం ఎదురుగా వచ్చి నిలబడేసరికి, ఇందులో సగమున్నా సరిపోయేది కదా అనిపించింది. లేవడు అనడానికి ఆయన ఉద్యోగం ఒప్పుకోదు. లేస్తాడు అనడానికి ధైర్యం చాలదు. చేతి గడియారం చూసుకున్నాడు. తొమ్మిదిన్నర. "అందరం మౌనంగా ప్రార్థన చేద్దాం," అన్నాడు బలహీనంగా.

అందరూ నోళ్ళు మూసుకున్నారు. మంగయ్య వెళ్ళి కూరగాయల బండి మైకు ఆపించాడు. ఐస్‌క్రీమ్ వాడు తనంతట తానే గంట నాలుకను గుడ్డతో చుట్టాడు. సోమమ్మ పసిపిల్లలను ఎత్తుకెళ్ళి అవతలి లైను క్వార్టర్లలో వదిలి వచ్చింది. కాలనీ కట్టినప్పటి నుంచి అంత నిశ్శబ్దం ఎవరూ వినలేదు.

సంపూర్ణ గుమ్మంలో కూర్చుని ఆ నిశ్శబ్దాన్ని కాసేపు విన్నది. ఎనిమిదింటి నుంచి నిజమే చెప్పింది. ఎవరూ నమ్మలేదు. నమ్మనివాళ్ళకు పదే పదే చెప్పి చప్పుడు పెంచడం దేనికని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఊరుకుంది.

ఎండ నడినెత్తికి వచ్చింది. నైట్ షిఫ్ట్ వాళ్ళు పదకొండు మందీ వేపచెట్టు కింద కూర్చుని, కళ్ళు మూతలు పడుతుంటే ఒకరినొకరు గిల్లుకున్నారు. చావింట్లో నిద్రపోతే బాగుండదు.

మూడింటికి జీపులో శివకుమార్ సారు పూలదండతో వచ్చాడు. మంగయ్య ఆయనను గేటులోనే ఆపి నోటి మీద వేలు పెట్టి చూపించాడు. సారు చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద నడిచి వచ్చి గుమ్మం దగ్గర తల వంచాడు.

"అమ్మా, శాంతికుమార్ లాంటి ఆపరేటర్ మళ్ళ దొరకడు," అన్నాడు గుసగుసగా. "పన్నెండేళ్ళ సర్వీసుల ఒక్కనాడు డ్యూటీల కన్ను మూయలే."

సంపూర్ణ కొంగు తీసింది. "ఆ మాట రాసిస్తరా సార్?"

"రాసిస్త అమ్మా. మీకు రావాల్సినవి జల్దీ రావాలె గద." అక్కడికక్కడే మోకాలి మీద కాగితం పెట్టుకుని రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఇచ్చాడు. సంపూర్ణ దాన్ని మడిచి బైబిల్లో పెట్టింది.

నాలుగు కావడానికి ఐదు నిమిషాలుందనగా షాలేమ్‌రాజు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నాలుగు దాటి రెండు నిమిషాలకు తెల్లదుప్పటి లేచింది. దానితోపాటు శాంతికుమార్ లేచాడు. చెవుల్లో దూది తీసి, ఒళ్ళు విరుచుకుని, కళ్ళు తెరిచేసరికి ఎదురుగా శివకుమార్ సారు కనిపించాడు. అంతే, ఒక్క గెంతులో నిలబడ్డాడు.

"పండుకోలే సార్! ఒట్టు సార్, రెప్ప పడ్డదంతే!"

సారు చేతిలోంచి దండ జారింది. వాకిట్లో సగం మంది స్తోత్రం అన్నారు, సగం మంది గేటు దూకారు. షాలేమ్‌రాజు నేల మీద చతికిలబడి చెమట తుడుచుకున్నాడు. అందరికంటే ముందు తేరుకున్నది సోమమ్మే. నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏందే సంపూర్ణా! బతికున్న మనిషికి మమ్ముల పొద్దటిసంది ఎండల కూసోబెడ్తివి? నోటికి తాళమా, ఒక్కమాట జెప్పొద్దా?"

"ఎనిమిదింటి సంది చెప్తనే ఉన్న గదక్కా. ఆ పడుకున్న మనిషి తప్ప మీరంత విన్నరు."

శివకుమార్ సారు చెప్పులు తొడుక్కుంటూ దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ఇందాకటి కాయితం..."

"ఇంట్లనే ఎక్కడనో పెట్టిన సార్. దొరకంగనే ఫైలుకు పంపుత," అంది సంపూర్ణ. "చాయ్ తాగి పోండ్రి."

ఆ రాత్రి డ్యూటీలో శాంతికుమార్ తెల్లవారేదాకా రెప్ప వాల్చలేదు. అదే షిఫ్ట్‌లో మంగయ్యతో సహా పదకొండు మంది, ఎక్కడి బండి అక్కడ ఆపి, స్టీరింగుల మీద తలలు పెట్టి గురకలు పెడుతూ దొరికిపోయారు. సంజాయిషీ అడిగితే, సోమవారం పగలంతా శాంతికుమార్ చావు దగ్గర ఉన్నందున నిద్ర లేదని పదకొండు మందీ ఒకే మాట రాసిచ్చారు. సదరు శాంతికుమార్ ఆ రాత్రి డ్యూటీలో హాజరుగా, మెలకువగా ఉన్నందున ఈ కారణం చెల్లదని ఆఫీసు తిరగ్గొట్టింది.