పక్క అడవి గిట్టల గుర్తులు

ఒక పెద్ద అడవిలో (పెద్దదని వాళ్ళు చెప్పుకోవడమే, నేనేం కొలిచి చూడలేదు) ఒక మండలి ఉండేది. దానికి అధ్యక్షుడు అడవిదున్న. ఇంకెవరు కూర్చున్నా ఆ కుర్చీ ఖాళీగానే కనిపించేది కాబట్టి దాన్ని ఎన్నుకున్నారు. కార్యదర్శి కొంగ. ఒంటికాలి మీద పొద్దస్తమానం కదలకుండా నిలబడగలదు. ఆ ఉద్యోగానికి అంతకుమించి అర్హత అక్కర్లేదు.

మండలికి ఒక డిజైనర్ కూడా ఉండేది. ముళ్ళపంది. బోర్డులు, గుర్తులు, దారి చూపే బాణాలు అన్నీ అదే గీసేది. వీపు మీది ముల్లు ఒకటి పీకి, సుద్దమట్టిలో ముంచి గీయడం దాని పద్ధతి. పని ఎక్కువైనప్పుడు వీపు బోసిపోయేది. మండలివాళ్ళు చూసి "అయ్యో పాపం" అని, ఇంకో పని చెప్పేవాళ్ళు.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. వాగులు ఇంకిపోయి, నీళ్ళు ఒక్క మడుగులోనే మిగిలాయి. మడుగుకు పోయే దారి ఒక పరుపుబండ మీదుగా సాగి, చివర రెండుగా చీలుతుంది. కుడివైపు పోతే మడుగు, ఎడమవైపు పోతే ఊబి. ఆ ఊబి మీద పచ్చగా గడ్డి మొలిచి ఉంటుంది కాబట్టి, తెలియనివాళ్ళకు అదే మడుగు ఒడ్డులా కనిపిస్తుంది. దుప్పి పిల్ల ఒకటి అలాగే పరిగెత్తి దిగబడిపోయింది. మళ్ళీ పైకి రాలేదు.

తల్లి దుప్పి మండలికి వచ్చింది.

"ఒక పిల్ల పోయిందయ్యా. ఇంకోటి మిగిలింది. తూర్పు కొండల మందలు కూడా నీళ్ళకోసం దిగొస్తున్నాయి. వాటికీ పిల్లలున్నాయి, వాటికీ ఈ దారి తెలీదు. అవి వచ్చేలోగా ఆ మలుపు దగ్గర ఏదో ఒక గుర్తు పెట్టించండి."

దున్న చాలా బాధపడింది. బాధపడినట్టు తీర్మానం కూడా చేయించింది. తర్వాత ముళ్ళపందిని పిలిచి, "చూడమ్మా, పాతచింతకాయ పచ్చడిలా ఉండకూడదు. కొత్తగా ఉండాలి. ఎవరూ చేయనిది చెయ్యి" అంది.

ముళ్ళపంది వెళ్ళి బండ పక్కన పొదలో కూర్చుంది. వచ్చేపోయే జంతువులను చూస్తూ కూర్చుంది. మండలిలో కొందరు "పని ఎగ్గొట్టి నీడన కూర్చుంది" అన్నారు. అంటే అననీ అని అక్కడే కూర్చుని, ఒకరోజు లేచి వచ్చింది.

"అయ్యా, దాహంతో వచ్చేవి తలెత్తవు. చెట్టుకు బోర్డు కడితే ఎవరూ చూడరు. ముందు పోయినవాటి అడుగులు చూసుకుంటూ నడుస్తాయి. అందుకని బండ మీదే సుద్దమట్టితో గిట్టల గుర్తులు వేద్దాం. అవి కుడివైపు తిరిగి మడుగుకు పోతాయి. వెనకొచ్చేవి వాటి వెంటే పోతాయి."

మండలి తలలు దగ్గరపెట్టి గుసగుసలాడుకుంది.

"బాగుంది, చాలా కొత్తగా ఉంది," అంది దున్న. "ఇంతకుముందు ఎవరు చేశారు?"

"ఎవరూ చేయలేదండీ."

దున్న మొహం మాడిపోయింది. కొంగ కాలు మార్చుకుంది.

"ఏమ్మా, ఎవరూ చేయకపోతే పనిచేస్తుందని ఎలా తెలుస్తుంది?" అంది దున్న. "రెఫరెన్సు ఏదీ? అసలు నీకీ ప్రేరణ ఎక్కడి నుంచి వచ్చింది?"

"బండ పక్కన కూర్చుంటే వచ్చిందండీ."

"కూర్చుంటే ప్రేరణ వస్తుందా? మేమంతా ఎప్పట్నుంచో కూర్చునే ఉన్నాం కదా!"

దీనికి జవాబు మీ దగ్గర ఉంటే చెప్పండి. డిజైను పక్కన పెట్టేశారు.

బయట దుప్పి కాచుకుని ఉంది. సంగతి విని, "అక్కా, వాళ్ళకు కావలసింది ఇంకోచోట చేసిన పని. అంతే కదా? పక్క అడవిలో మా పెద్దమ్మ కూతురుంది. అక్కడా ఒక ఊబి ఉంది. నువ్వెళ్ళి అక్కడ వేసి రా. తర్వాత వీళ్ళకు చూపిద్దాం" అంది.

"సొంత పనికి నేనే సాక్ష్యం పుట్టించాలా చెల్లీ?"

"నా పిల్ల దాహంతో ఉందక్కా."

ముళ్ళపంది సుద్దమట్టి మూటగట్టుకుని బయల్దేరింది. పక్క అడవిలో ఊబి కుడివైపు ఉంటుంది, మడుగు ఎడమవైపు. దానికి తగ్గట్టు గుర్తులను ఎడమవైపు తిప్పి వేసింది. మర్నాటి నుంచి అక్కడ ఒక్క గిట్ట కూడా దారి తప్పలేదు. పక్క అడవి మండలి వచ్చి చూసి, ఇదంతా తమ హయాంలోనే జరిగిందని ప్రకటించుకుంది.

ఇక్కడికి తిరిగొచ్చి ముళ్ళపంది, "అయ్యా, పక్క అడవిలో అలాంటిదేదో ఉందటండీ" అని చెవిన వేసింది.

"పక్క అడవిలోనా!" అని దున్న కుర్చీలోంచి లేచింది. అది లేవడం అడవిలో చాలామంది చూడటం అదే మొదలు. వెంటనే కొంగను వెంటబెట్టుకుని అధ్యయన యాత్రకు పోయింది. అక్కడ మేత బాగుంది. మేశాక గుర్తులనూ చూశారు. కొంగ మోదుగాకులు పరిచి, ఒక్క గీత పొల్లు పోకుండా నకలు తీసుకొచ్చింది.

ఆ ఆకులు చూడగానే ముళ్ళపంది అడ్డుపడింది.

"అయ్యో, వీటిని ఇలాగే వేయకూడదండీ! ఇవి ఎడమకు తిరుగుతున్నాయి. మనకు ఊబి ఉన్నది ఎడమవైపే!"

"అక్కడ ఎటు తిరిగాయి?" అంది కొంగ.

"ఎడమకే."

"అక్కడ ఎవరైనా ఊబిలో పడ్డారా?"

"లేదండీ, కానీ..."

"మరి ఇంకేం? పనిచేసినదాన్ని మార్చడమెందుకు?"

"సార్, అది వేసింది నేనే! ఎందుకు ఎడమకు తిప్పానో నాకు తెలుసు!"

మండలి ఘొల్లున నవ్వింది. దున్న నవ్వలేదు, తల ఊపింది. "చూశారా, పక్క అడవిలో గొప్ప పని కనబడితే చాలు, నాదేనంటూ బయల్దేరతారు," అంది. పరాయి పనిని తనదని చెప్పుకున్నందుకు ముళ్ళపందిని కొలువులోంచి తీసేశారు. గుర్తులు కొంగే వేసింది. ముక్కుతో వేసినా గుర్తులు శుభ్రంగా వచ్చాయని ఒప్పుకోవాలి.

ప్రారంభోత్సవం రోజున తూర్పు కొండల మందలు అప్పటికే దిగొచ్చి బండకు ఆ చివర నిలబడ్డాయి. పిల్లల నాలుకలు బయటికొచ్చాయి. తల్లి దుప్పి తన పిల్లను కాళ్ళ మధ్య అదిమిపెట్టి, మందలకు అడ్డంగా నిలబడింది.

"ఎవ్వరూ కదలకండి! గుర్తులు తప్పు!"

"ఊబి అటే ఉంది, నా మాట వినండి!" అని పక్కనే ముళ్ళపంది గొంతు చించుకుంటోంది.

"శుభమా అని మొదలుపెడుతుంటే ఏమిటీ గోల?" అని కొంగ విసుక్కుంది. "ముందు అధ్యక్షులవారు నడుస్తారు. తర్వాతే మిగతావాళ్ళు."

దున్న రిబ్బనుగా కట్టిన తీగ తెంపి, తల వంచి, మొదటి గుర్తు మీద గిట్ట పెట్టింది. తర్వాత రెండోదాని మీద పెట్టింది. గుర్తులు ఎంత బాగా పనిచేశాయంటే, అది ఒక్కసారి కూడా తలెత్తలేదు. చప్పట్ల మధ్య ఎడమవైపు తిరిగి, గంభీరంగా నడిచి, మెడ దాకా దిగబడింది.

పొడుగు మనిషి, అంటే పొడుగు దున్న, కాబట్టి కాళ్ళకు అడుగు అందింది. ప్రాణానికేమీ కాలేదు. కానీ కదలడానికి లేదు.

మందలు ఆ తలను చూశాయి. చూసి, ఎవరూ చెప్పకుండానే కుడివైపుకు తిరిగాయి. పిల్లలన్నీ మోకాళ్ళ మీద కూలబడి కడుపులు ఉబ్బేదాకా తాగాయి. దుప్పి పిల్ల కూడా తాగింది. ముళ్ళపంది వాటిని చూస్తూ భోరుమని ఏడ్చేసింది. కొలువు పోయిన సంగతి ఆ కాసేపూ దానికి గుర్తే రాలేదు.

మండలి మాత్రం అధ్యక్షుణ్ణి బయటికి తీసే ఏర్పాట్లలో పడింది. లాగడానికి ఏనుగులను పిలవాలి. పిలవాలంటే అధ్యక్షుడి గిట్ట ముద్ర కావాలి. నాలుగు గిట్టలూ బురదలో ఉన్నాయి. వానలు పడి ఊబి వదులయ్యేదాకా సమావేశాలు ఒడ్డునే జరపాలని నిర్ణయించి, గడ్డి అక్కడికే పంపించారు. దున్నకు చల్లగానే ఉంది.

ఇంతలో పక్క అడవి మండలి అధ్యయన యాత్రకు వచ్చింది. ఊబి ఒడ్డున నిలబడి ఆ తలను తేరిపార చూసింది.

"అబ్బ! మా దగ్గర ఉత్త గుర్తులే ఉన్నాయి. మీరు ఏకంగా అధ్యక్షుణ్ణే పెట్టారా! ఒక్కటైనా దారి తప్పిందా?"

"ఒక్కటీ తప్పలేదు," అంది కొంగ. అది నిజమే.

"ఇంత గొప్ప ప్రేరణ ఎక్కడి నుంచి వచ్చింది?"

కొంగ కాలు మార్చుకుని, దున్న వైపు చూసింది. దున్న బురదలోంచి వినయంగా కళ్ళు మూసుకుంది.

మర్నాడు పక్క అడవిలో వాళ్ళ అధ్యక్షుడైన ఎలుగుబంటిని పూలతో అలంకరించి, మేళతాళాలతో ఊరేగించి, అది వద్దు వద్దంటున్నా ఊబిలో దింపారు.

నీతి: ప్రేరణ కోసం పక్క అడవికి వెళ్ళండి, వాళ్ళు మీ అడవికి బయల్దేరే ఉంటారు.