బీరువా మీది నవల

అయ్యలారా, అమ్మలారా! కళ్లు ఆనని ముసలివాడు ఒక్కడైనా ఇంట్లో లేనిదే ఏ పిల్ల చేతికీ నవల ఇవ్వకూడదని సర్కారు చట్టం తేవాలి!

నవ్వకండి. పిల్లలు చదివే పుస్తకాన్ని పెద్దలు ముందుగా పరీక్షించడం కంటే గొప్ప మేలు ఈ కాలంలో మరొకటి లేదు. లేకపోతే ఏమవుతుంది? లోకంలో దుఃఖం ఉన్నదని పిల్లలకు తెలిసిపోదూ?

ఒగ్గుకథకు పసిపిల్లల్ని చంకనేసుకుని పోతాం, నిజమే. అక్కడ తలలు తెగుతాయి, నెత్తురు పారుతుంది, పిల్లలు పుట్నాలు నములుతూ చూస్తారు. దానికేం, అది భక్తి! పొద్దున్నే చాయ్ తాగుతూ పేపర్లో హత్యలన్నీ పైకి చదువుతాం. అది లోకజ్ఞానం! నవల అలా కాదు. దాన్ని పిల్ల ఒక్కతే మూలన కూర్చుని చదువుతుంది. మూలన కూర్చుని ఆలోచించే ఆడపిల్లను మించిన ప్రమాదం తార్నాకలో ఇంకేమున్నది?

మా మనవరాలు భూదేవికి పదిహేనేళ్లు. యూనివర్సిటీలో బడిపిల్లలకు వ్యాసాల పోటీ పెడితే గెలిచి, ఒక నవల ప్రైజుగా తెచ్చింది. ప్రైజు పుస్తకాలు ఎంపిక చేసిన లెక్చరర్ పార్థసారథి గారు అట్ట మీది తామరపువ్వును చూసి, లోపల కూడా పువ్వులే ఉంటాయని నమ్మారట. ఎంత చదువుకున్నవారు! లోపల ఉన్నదేమో పదిహేనేళ్లకు పెళ్లయి, అత్తగారింట్లో అగచాట్లు పడి, చివరికి బావిలో దూకిన పిల్ల కథ.

మా కొడుకు బుచ్చిరాములు అదే యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. చివరి పేజీ ఒక్కటి చూసి పుస్తకం గుంజుకున్నాడు. "గింత చిన్నపిల్ల గిసొంటి కథ చదువుతదా? దిల్ ఖరాబైతది!"

"నా ప్రైజు బాపూ! నేను గెలుచుకున్న!" అని భూదేవి ఏడుపు.

లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసే పక్కింటి గట్టయ్య పుస్తకాన్ని అరచేతిలో పెట్టి తూచాడు. "మస్తు బరువున్నదన్నా. పిల్లకొద్దు," అని తేల్చేశాడు. ఇది కూడా ఒక పద్ధతే. నేను తప్పు పట్టను.

కోడలు భారతమ్మ మధ్యలో దూరింది. "ఎందుకీ లొల్లి? మామ చూసి చెప్తడు. ఇంట్ల పెద్దమనిషి గాయననే గద!"

అలా నేను జడ్జీనయ్యాను. చిక్కల్లా ఒకటే. నా చదువు మూడో తరగతి, నా కళ్లలో పొర. అక్షరాలు చీమల బారులా పోతూనే ఉంటాయి, ఆగమంటే ఆగవు. కాబట్టి కొడుకు ఆఫీసు నుంచి రాకముందే, బడి నుంచి వచ్చిన భూదేవిని వాకిట్లోకి పిలిచాను.

"నీకు ఇయ్యొచ్చునో లేదో చూడాలె. చదువు."

చదివింది. మరి ఎవరు చదువుతారు? పిల్లలు వినరాని మాట వచ్చినచోట నేను కఠినంగానే ఉన్నాను. "గిది నువ్వు వినకు. నాకు మాత్రం చదువు." భూదేవి బుద్ధిమంతురాలు, ఒక చెవి మూసుకుని చదివేది. పరీక్ష అంటే అలా ఉండాలి!

కొన్ని పేజీలు అనుమానంగా తోచి మళ్లీ పరీక్షించాం. కథలోని పిల్ల తొలిసారి బావి దగ్గరికి వెళ్లినప్పుడు భారతమ్మ కూడా పొయ్యి మీది కూర వదిలేసి పరీక్షకు వచ్చి కూర్చుంది. ఆ పూట మాడిన వంకాయ తింటూ బుచ్చిరాములు కారణం అడిగాడు. పరీక్షాధికారులం ముగ్గురం పళ్లెంలోకి చూస్తూ ఇంకో ముద్ద కలుపుకున్నాం.

చివరి పేజీ దగ్గర భూదేవి పుస్తకం మూసేసింది. కథకు భయపడి కాదట. "తాతా, ఆదివారం సీతాఫల్‌మండి నుంచి నన్ను చూడనీకి వస్తున్నరంట. బాపు అమ్మకు చెప్తుంటె విన్న. నాకు కాలేజీకి పోవాలని ఉన్నది."

నేను "ఊఁ" అన్నాను. నేను మామూలుగా అనేది అంతే.

శనివారం బుచ్చిరాములు తీర్పు అడిగాడు. "ఏమంటవు నాయినా? బుక్కు సంగతి?"

"పిల్లకు వద్దు."

వాడి ముఖం వెలిగిపోయింది. "నేను జెప్పలే!" భూదేవి నన్ను చూసిన చూపు మాత్రం మీకు చెప్పను.

"వయసు చాలది," అన్నాను. "చదవనీకే చాలని వయసు, బతకనీకి యాడ చాలుతది? సీతాఫల్‌మండోళ్లకు కబురు పంపు. పిల్ల గా బుక్కు చదివే ఈడుకొచ్చినంక రమ్మను."

"గదేంది నాయినా! బుక్కు వేరు, పెండ్లి వేరు!"

"అవును. బుక్కయితే మూసి పెట్టొచ్చు."

నా నోట ఒక్కసారే ఇన్ని మాటలు రావడం వాడు పుట్టి ఎరగడు. ఆ హడలుకే కాబోలు, పెళ్లివారికి కబురు వెళ్లింది.

ఇప్పుడా నవల పాత చీర ముక్కలో చుట్టి బీరువా మీద భద్రంగా ఉన్నది. దాన్ని దించమని భూదేవి అడగదు. "నాకు ఇంకా గంత వయసు రాలే తాతా," అని వినయంగా చెప్పి, నోటుబుక్కులు గుండెకు హత్తుకుని కాలేజీకి పోతుంది. పెద్దల మాట ఇంత నియమంగా పాటించే పిల్ల మీ వీధిలో ఉన్నదా?

ఆగలేనిది బుచ్చిరాములే. ఎక్కడో మంచి సంబంధం ఉన్నదని వినగానే బీరువా వైపు చూస్తూ నసుగుతాడు. "నాయినా, గిప్పుడన్న చదవొచ్చునా పిల్ల, గా బుక్కు?"

తొందరపడి తీర్పు చెప్పే మనిషిని కాను నేను.

"యాదికి లేదు బిడ్డా. మల్ల మొదటి సంది చూడాలె. దించు. భూదేవిని పిలువు."