వరదమ్మ బొట్టు పెట్టిన ముప్పై పెట్టెలు

తిరుమల స్వామికి మొక్కే పెరటాసి నెల మూడో శనివారం నాడు దామోదరం తెల్లవారకముందే లేచి, తలకు పోసుకుని, నామం పెట్టుకుని, ఏడు గంటలకల్లా చేతిసంచితో గడప దాటాలనుకున్నాడు. అమ్మ అడిగితే శనక్కాయల బేరం మీద మద్రాసు పోతున్నానని చెప్పాలి. సత్యవేడు దాటగానే పెట్రోలు బంకు దగ్గర వ్యాను నిలబడి ఉంటుంది. అందులో ముప్పై తెల్లటి థర్మాకోల్ పెట్టెలు, వాటిలో గడ్డకట్టించిన పులికాట్ రొయ్యలు, వాటి మధ్య పొగలు కక్కే ఐసు. ఒంటిగంటలోగా మద్రాసు విమానాశ్రయంలో సరుకుల షెడ్డులో అప్పగిస్తే, సాయంత్రం విమానంలో సింగపూరు పోతాయి. దామోదరం ఇంటికి వచ్చి, ఏమీ ఎరగనట్టు పూజ భోజనానికి కూర్చుంటాడు.

ఏమీ ఎరగనట్టు ఎందుకంటే, ఆ ఇంట్లో ఏడు తరాలుగా రొయ్య అన్న మాట ఎవరూ పలికి ఎరగరు. వాళ్ళది శనక్కాయల వ్యాపారం. రెండేళ్ళు వరసగా వానలు లేక అది పడుకుంది. సింగపూరు వర్తకుడు ఒకాయన మాత్రం రొయ్యల కోసం జాబు రాశాడు: మొదటి సరుకు చెడకుండా వస్తే వారం వారం తీసుకుంటాను, చెడితే మళ్ళీ నాకు రాయవద్దు అని. ఇక తల్లి వరదమ్మ సంగతి. పెరటాసి నెలలో ఆమె ఉల్లిపాయను కూడా ఇంట్లోకి రానివ్వదు. ఒకసారి వాకిట్లో కోడిగుడ్డు పెంకు కనబడితే, అదీ కాకి తెచ్చి పడేసింది, ఈ ఇంట్లో పచ్చినీళ్ళు ముట్టనని తిరుమల పోయి మూడు రోజులు సత్రంలో ఉండి వచ్చింది. పెంకుకే మూడు రోజులైతే ముప్పై పెట్టెల రొయ్యలకు ఎన్ని రోజులో దామోదరం లెక్క వేసుకోవడానికే భయపడ్డాడు. ఇంట్లో ఈ గుట్టు తెలిసింది ఆయన భార్య మునిలక్ష్మి ఒక్కదానికే.

ఆరున్నరకు వాకిట్లో వ్యాను ఆగిన చప్పుడైంది. దామోదరం కాఫీ లోటా వదిలేసి పరుగెత్తాడు. డ్రైవరు ప్రేమానందం అప్పటికే కిందికి దిగి ఉన్నాడు. ముగ్గు వేస్తున్న వరదమ్మ లేచి నిలబడి ఉంది.

"అన్నా, బండి ఉడికిపోతా ఉండాది. రెండు బిందెల నీళ్ళు పోయించు. బంకులో బావి ఎండిపోయినాది," అన్నాడు ప్రేమానందం.

"ఎవురు నాయనా నువ్వు? ఏంది ఆ పెట్టెలు?" అంది వరదమ్మ.

ప్రేమానందం నోరు తెరిచాడు. దామోదరం వెనకనుంచి అరిచాడు. "పూలమ్మా! చామంతులు! సింగపూర్లో పెరుమాళ్ళ గుడికి పోతుండాయి."

"యాడికీ?"

"సింగపూరికి. విమానంలో."

వరదమ్మ ముగ్గు చిప్ప కింద పెట్టింది. "పెరటాసి శనివారం, మన వాకిట్లో నుంచి, స్వామికి పూలు ఆకాశాన పోతా ఉంటే, పసుపు కుంకుమ లేకుండా పంపేదానికి నీకు మనసెట్లా వచ్చిందిరా? దించండి కిందికి!"

పెట్టెలు దిగుతుంటే మునిలక్ష్మి మొగుడి చెవిలో అంది. "స్వామి పూలంటే మీ యమ్మ ఊరుకుంటాదా? తవుడని చెప్పింటే మొగం తిప్పుకొని పోయుండేది. అబద్ధం ఆడేదానికి కూడా తెలివుండాల."

వరదమ్మ ముప్పై పెట్టెలనూ అరుగు మీద వరసగా పెట్టించింది. ఒక్కొక్కదానికి అరచేతంత పసుపు పూసి, నడుమ రూపాయి బిళ్ళంత కుంకుమ దిద్ది, పైన తిరుమణి సుద్దతో నామం పెట్టింది. తెల్లపెట్టె మీద తెల్లనామం కనబడలేదని రెండోసారి కూడా దిద్దింది. ఈలోగా పక్కింటి దేవకమ్మ వచ్చి చూసి, వీధి చివరిదాకా చెప్పి, మళ్ళీ వచ్చి ముందు వరసలో నిలబడింది. పావుగంటలో వీధి నిండిపోయింది. చెంబులకు నామాలు పెట్టుకుని పెరటాసి మొక్కుగా ఇంటింటా బియ్యం అడగడానికి బయలుదేరిన వాళ్ళు కూడా అక్కడే ఆగి గోవింద కొట్టారు.

దేవకమ్మ ముక్కు ఎగబీల్చింది. "ఏందో నీసు వాసన వస్తా ఉండాది, అక్కా."

"అది నేనేనమ్మా," అన్నాడు ప్రేమానందం వెంటనే. "నిన్న పులికాట్ పోయొచ్చినాను. నీళ్ళు పోసుకోలేదు."

అందరూ అతడికి నాలుగడుగులు దూరం జరిగారు. ప్రేమానందం వ్యానెక్కి తలుపు వేసుకుని, చేయని తప్పుకు శిక్షపడిన వాడిలా కూర్చున్నాడు. దామోదరం గడియారం చూసుకున్నాడు. ఎనిమిది దాటింది.

"హారతి ఇస్తే అయిపోతాది," అంది వరదమ్మ. సింగపూరు దూరమని ఒక బిళ్ళ చాలదనుకుని, గుప్పెడు కర్పూరం మొదటి పెట్టె మూత మీదే పోసి వెలిగించింది.

ఇత్తడి పళ్ళెం మీద హారతి ఇచ్చిన చేతులకు థర్మాకోల్ సంగతి ఏం తెలుసు? మూత వెన్నలా కరిగిపోయింది. మంట బుడుంగున లోపలికి దిగి ఆరిపోయింది. ఆ బొక్కలోంచి తెల్లటి పొగ పైకి లేచి, అరుగు మీద పొర్లి, మెట్లు దిగి, జనం కాళ్ళను చుట్టుకుంది.

"గోవిందా!" అని వీధంతా ఒక్కటే కేక.

దేవకమ్మ పొగను దోసిట పట్టి కళ్ళకు అద్దుకుంది. "సల్లగా ఉండాది అక్కా! వైకుంఠం సల్లదనం!"

సాష్టాంగాలు మొదలయ్యాయి. వ్యాను ముందు నలుగురు, వెనక ఆరుగురు పడుకున్నారు. వరదమ్మ కళ్ళజోడు సవరించుకుని బొక్క మీదికి వంగింది. దామోదరం ఒక్క దూకు దూకి ఆ పెట్టె మీద కూర్చున్నాడు.

"స్వామి పూల మీద కూర్చుంటావా! లెయ్!"

లేచాడు. లేస్తూ భుజం మీది తువ్వాలు బొక్కలో కుక్కాడు. వరదమ్మ ఆయన మొగంలోకి చూసింది, పెట్టె కేసి చూసింది, ప్రేమానందం కేసి చూసింది. తరువాత జనం వైపు తిరిగింది.

"తొలగండి, తొలగండి! స్వామి సొమ్ము ఎండలో పెడతారా? వాడిపోతే ఆ పాపం మీదే!"

రెండు నిమిషాల్లో దారి ఖాళీ అయింది. మునిలక్ష్మి పిండిదీపం కోసం కలిపిన చలిమిడి ముద్దను తెచ్చి, తువ్వాలు పీకేసి, బొక్కను మెత్తింది.

బండి రెండుసార్లు ఉడికి ఆగి, మద్రాసు చేరేసరికి పన్నెండు దాటింది. దారిపొడుగునా పెట్టెలకు చెమట పట్టింది. షెడ్డులో దింపితే ముప్పై పెట్టెల నుంచీ ఎర్రగా ధారలు కారుతున్నాయి. అక్కడి ఆఫీసరు అరవాయన, తెలుగు వచ్చినవాడు. రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏమయ్యా ఇది, రత్తమా? కారే సరుకు విమానం ఎక్కదు."

"రక్తం కాదు సార్, కుంకుమ."

"రొయ్యలకు కుంకుమ ఎందుకు?"

"పూలనుకొని పెట్టింది సార్, మా యమ్మ."

"కాగితంలో రొయ్యలని ఉందే. లోపల పూలా?"

"రొయ్యలే సార్."

"మరి పూలని ఎవరు చెప్పింది?"

"నేనే సార్."

"అంటే సరుకు పేరు తప్పు చెప్పినావు."

"మీకు కాదు సార్, మా యమ్మకు."

ఆఫీసరు చలిమిడి పెట్టె దగ్గరికి పోయి, వేలితో గీకి, వాసన చూసి, "బెల్లం," అన్నాడు, ఇక తన ఉద్యోగంలో చూడనిదేమీ మిగల్లేదన్నట్టు. ఆ పెట్టెను పక్కకు తోయించి, మిగతావి ఒంటిగంటలోగా చుక్క కారకుండా తుడిస్తే తీసుకుంటానన్నాడు. దామోదరం పంచె కొంగుతో, ప్రేమానందం విప్పిన చొక్కాతో తుడిచారు. ధారలు పోయాయి గాని పసుపు మీద ఎర్ర బొట్లు పెట్టెల్లోకి ఇంకిపోయి అట్లాగే ఉన్నాయి.

"కారడం లేదు కదా," అన్నాడు ఆఫీసరు. "మచ్చతో నాకు పని లేదు."

ఇరవై తొమ్మిది పెట్టెలు లోపలికి పోయాయి. ముప్పయ్యోది ప్రేమానందం ఇంటికి పోయింది. వాళ్ళావిడ రొయ్యలు వేపుడు చేసి, చలిమిడిని వేరే తీసి పిల్లలకు పెట్టిందట.

పది రోజులు జాబు లేదు. మచ్చలు చూసి వర్తకుడు సరుకు పారబోయించి ఉంటాడని దామోదరం అన్నం సరిగా తినలేదు. పదకొండో నాడు జాబు వచ్చింది. ఆ విమానంలో నలుగురైదుగురి రొయ్యలు దిగాయట. అన్నీ ఒకే రకం తెల్ల పెట్టెలు, తడికి అందరి కాగితాలూ ఊడిపోయాయట. ఏది ఎవరిదో తేలక వాళ్ళు తగాదా పడుతుంటే, బొట్టున్నవి సరిగ్గా ఇరవై తొమ్మిదని లెక్క చూసుకుని, వర్తకుడు వాటిని మొదటే ఏరుకుని చల్లగదిలో పెట్టించాడట. ఒక్క రొయ్య చెడలేదు. వారం వారం పంపమన్నాడు. ఆ గుర్తు లేని పెట్టె మాత్రం తీసుకోనన్నాడు.

దామోదరం ఒక ఖాళీ పెట్టె మీద తానే బొట్టు పెట్టి, నీళ్ళు చల్లి చూశాడు. మొత్తం కారిపోయింది. అమ్మ కుంకుమలో ఏం కలిపిందో అమ్మకే తెలియాలి. శుక్రవారం సాయంత్రం వంటింటి గడప దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, రేపు మళ్ళా చామంతులు పోవాల. నువ్వు బొట్టు పెడితే..."

వరదమ్మ బీరకాయ చెక్కు తీస్తూ తల ఎత్తలేదు. "పెడతాను. వ్యాను ఇంటి కాడికి తేవద్దు. బంకు కాడికి నేనే వస్తాను."

"ఎందుకమ్మా?"

"చామంతులకు మీసాలుండవు నాయనా. దేవకమ్మకు కూడా కండ్లుండాయి."

దామోదరం గడప దాటి లోపలికి వచ్చాడు. "మరి... తిరుమల కొండకు పోలేదే?"

"పోయి ఆయనకు ఏమని చెప్పేది? నీ నామాన్ని రొయ్యలకు రెండు మాట్లు దిద్దినానని చెప్పేదా?"

మరునాడు వరదమ్మ బంకు దగ్గర ముప్పై పెట్టెలకూ శ్రద్ధగా బొట్టు పెట్టింది. నామం మాత్రం పెట్టలేదు.