పంపుహౌసులో వేపుడు వాసన

పట్టణ నీటి సరఫరా శాఖవారు ఎంతో శ్రమించి ఒక సంగతి కనిపెట్టారని పౌరులకు సవినయంగా మనవి చేస్తున్నాం. తమ పంపుహౌసుకు పద్నాలుగు నెలలుగా డీజిలు అందడం లేదట. డీజిలు మంజూరు చేసే ఫైలు ఒక బీరువాలోంచి ఇంకో బీరువాకు బదిలీ అయి, కొత్తచోటి గాలి పడక అక్కడే మంచమెక్కింది. ఈ పద్నాలుగు నెలలూ ఉదయం ఆరింటికల్లా కుళాయిల్లో నీళ్లు ఠంచనుగా వచ్చాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నీళ్లు రాకపోతే అనుమానిస్తాం గానీ, వస్తే అనుమానించే తీరిక ఎవరికుంది చెప్పండి?

గుట్టు బయటపడింది ముక్కువల్ల. కొత్తగా వచ్చిన ఇంజనీరుగారు తనిఖీకని పంపుహౌసులో అడుగుపెట్టగానే ఆయనకు నకనకా ఆకలేసింది. గదినిండా కమ్మటి వేపుడు వాసన. స్టవ్వు ఎక్కడ దాచారో చూడమని మూలమూలా వెతికించారు. స్టవ్వు దొరకలేదు. వాసన ఇంజను పొగగొట్టంలోంచి వస్తోంది.

ఇంజను ముసలిది. మనిషెత్తు చక్రం, ఏనుగంత ఒళ్లు. దాన్ని నడిపే మేస్త్రీ దాన్ని ‘పెద్దాయన’ అంటాడు. మేస్త్రీని ఊళ్లోవాళ్లు ఏమీ అనరు, అలాంటి మనిషొకడు ఉన్నాడని వాళ్లకు తెలియదు. ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో ఆరింటి నీళ్లు ఒక్క పూట తప్పించలేదన్నదే ఆయన సంపాదన. మామగారు పోయిన రోజు కూడా ఇంజను ఆడించి, ట్యాంకు నింపి, తర్వాతే ఏడవడానికి వెళ్లాడు. ఆయన భార్య ఆ ముక్క ఇప్పటికీ దెప్పుతుంది.

డీజిలు ఆగిపోయినప్పుడు మేస్త్రీ ఆఫీసుకు పదకొండు ఉత్తరాలు రాశాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు. అప్పుడు ఇంజనుతోపాటు వచ్చిన పాత పుస్తకం దుమ్ము దులిపి చూస్తే, గింజల నూనెతో కూడా ఇది నడుస్తుందని మూడో పేజీలోనే ఉంది. ఆయన బావమరిదిది వేపుడు దుకాణం. మాడి నల్లబడ్డ నూనెని అక్కణ్ణుంచి తెచ్చుకుని, పాత దుప్పట్లో మూడుసార్లు వడగట్టి, వేడి పొగగొట్టం పక్కన పెట్టి పల్చబరిచాడు.

“ఇది తాగుతుందంటావా బావా?” అన్నాడు బావమరిది భయంగా.

“ఇందులో వేయించినవి మనుషులే తిని బతుకుతున్నార్రా. ఇనుముకేం రోగం?”

పెద్దాయన తాగాడు, గుక్క తిప్పుకోకుండా తిరిగాడు. దీనికి ఒక్కటే పథ్యం. పొద్దున మొదలెట్టేది డీజిలుతోనే, ఆపేముందు పది నిమిషాలు తాగించేదీ డీజిలే. అలా చెయ్యకపోతే చల్లారిన నూనె చిక్కబడి, నూనె చిమ్మే సన్నటి నాజిళ్లలో జిగురులా పట్టేస్తుంది. అందుకని మేస్త్రీ సొంతంగా ఒక డబ్బా డీజిలు తెచ్చుకుని గోడవారన పెట్టుకునేవాడు.

ఇంజనీరుగారు ఆ సాయంత్రమే మెమో జారీ చేశారు. అనుమతి లేని ద్రవంతో ప్రభుత్వ యంత్రాన్ని నడపడం మొదటి నేరం. నీళ్లు ఆపకుండా ఇచ్చి, డీజిలు లేదన్న వాస్తవాన్ని శాఖకు తెలియనివ్వకపోవడం రెండోది. విధి నిర్వహణలో ఉన్న అధికారికి ఆకలి పుట్టించడం మూడోది. మేస్త్రీ జవాబు రాసేలోపే కబురు మునిసిపల్ ఛైర్మన్‌గారి చెవిన పడింది. ఆయన అప్పటికే ఒక ఘనకార్యం కోసం ఆవురావురుమంటూ ఉన్నారు. మర్నాటికల్లా మెమో ప్రశంసాపత్రం అయిపోయింది. కాగితం వృథా చెయ్యడం ఎందుకని అదే మెమో వెనకవైపు టైపు చేశారు.

ప్రపంచంలోనే మొట్టమొదటిసారిగా డీజిలు ఇంజనును నూనెతో నడిపిన ఘనత మన శాఖదేనని తేల్చడానికి ఒక కమిటీ వేశారు. అందులో పొరపాటున ఒక చరిత్ర మాస్టారు కూడా పడ్డారు. ఆయన లేచి, నూరేళ్లకు పూర్వమే ఒక పెద్ద ప్రదర్శనలో ఇలాంటి ఇంజను వేరుశనగ నూనెతో నడిచిందనీ, అది ఎంత నున్నగా నడిచిందంటే చూడవచ్చినవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియలేదనీ చెప్పారు. తెలియనిది జరిగినట్టు కాదని కమిటీ తీర్మానించింది. మాస్టారికి టీ ఇచ్చి పంపేశారు.

ప్రారంభోత్సవం పదింటికి పెట్టారు. పద్నాలుగు నెలలుగా నడుస్తున్నదాన్ని ప్రారంభించడం ఎలా అని మీకు సందేహం రావచ్చు. రిబ్బను ఉంది కదండీ, కత్తిరించారు. గోడకు పాలరాయి బిగించారు. దానిమీద పదిహేడు పేర్లున్నాయి. మేస్త్రీ పేరుకు చోటు చాల్లేదు. ప్రత్యామ్నాయ ఇంధన సభలో డీజిలు డబ్బా కనబడితే అప్రతిష్ఠ కాబట్టి గోడవారనున్న దాన్ని ముందే అవతలికి తీయించారు.

ఛైర్మన్‌గారు మైకు అందుకున్నారు. “సోదర సోదరీమణులారా! ఈరోజు మనం డీజిలుకు దండం పెట్టి వీడ్కోలు పలుకుతున్నాం! ఇకపై ఈ ఊరు ఒక్క చుక్క...” ఆ తర్వాత ఒక్క ముక్కా వినపడలేదు. వెనకాల పెద్దాయన చప్పుడు అలాంటిది.

“ఆపండయ్యా దాన్ని!” అన్నారు ఇంజనీరుగారు.

మేస్త్రీ అడ్డం వచ్చాడు. “అయ్యా, పది నిమిషాలు ఓపిక పట్టండి. కాస్త డీజిలు తాగించి ఆపేస్తా. ఉన్నపళంగా ఆపితే గొంతు పూడుకుపోద్ది దానికి.”

“ఛైర్మన్‌గారిని పది నిమిషాలు నిలబెడతావా?”

మేస్త్రీ డబ్బా కోసం పరిగెత్తాడు. అది పందిరి వెనక దొరికింది, ఖాళీగా. మైకుకు కరెంటిచ్చే జనరేటరులో డీజిలు అయిపోతే మైకువాడు అది కాస్తా అందులో ఒంపేశాడట. డీజిలుకు వీడ్కోలు చెప్పిన ఆ మహోపన్యాసం చివరికి ఊరికంతటికీ వినబడింది ఆ డీజిలు చలవవల్లే. మేస్త్రీ తిరిగొచ్చేసరికి ఇంజనీరుగారే స్వయంగా మీట లాగేశారు. చప్పుడు ఆగగానే చప్పట్లు మోగాయి.

మర్నాడు ఆరింటికి నీళ్లు రాలేదు. పద్నాలుగు నెలలుగా ఏమీ అడగని ఊరు పద్నాలుగు నిమిషాల్లో బిందెలతో పంపుహౌసు ముందుకొచ్చి నానా మాటలూ అంది. ఊరికి మేస్త్రీ మొహం తెలిసింది ఆ రోజే. “ఒక్క పూట టైమివ్వండయ్యా, నాజిళ్లు ఊడదీసి కడిగేస్తా” అని ఆయన కాళ్లావేళ్లా పడ్డాడు. కానీ ఇంజను అప్పటికే సాక్ష్యం. విచారణ ముగిసేదాకా ఎవరూ ముట్టుకోకూడదని తలుపుకు సీలు వేశారు.

మేస్త్రీ బయట మెట్టుమీద కూలబడి, పాతికమంది చూస్తుండగా వెక్కివెక్కి ఏడ్చాడు. భార్య వచ్చి పక్కన కూర్చుంది. “మా నాన్న పోయిన రోజున కూడా ఇంత ఏడవలేదు మీరు,” అంది. ఈసారి దెప్పడానికి కాదు. కొంగుతో ఆయన మొహం తుడిచింది.

గింజల నూనె ఇంజన్లకు పనికిరాదని కమిటీ ఏకగ్రీవంగా నివేదిక ఇచ్చింది. పెద్దాయనను ముక్కలు చేసి పాత ఇనుము కింద తూకానికి అమ్మేశారు. ఊరికి ఇప్పుడు నీళ్లు ట్యాంకరు లారీల్లో వస్తున్నాయి. అవి డీజిలుతో నడుస్తాయి. వాటి ఫైలు చాలా ఆరోగ్యంగా ఉంది. మేస్త్రీని తోటపనికి మార్చారు. పాలరాయి కింద నాటిన పూలమొక్కలకు రోజూ ఆరింటికి, ఒక్క నిమిషం తేడా రాకుండా, ట్యాంకరు నీళ్లు మోసి పోస్తున్నాడు.

సరే, ఊరి గొడవ మనకెందుకు. ఈ పొద్దున మీ ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లొచ్చాయా? వచ్చాయి కదా. మరింకేం, హాయిగా మొహం కడుక్కోండి. వాటితోపాటు వేపుడు వాసనేదైనా వస్తే మాత్రం వెంటనే ఫిర్యాదు చెయ్యండి.