చేప చెడిన చోటు

ప్రజలకు సంతోషపూర్వకంగా తెలియజేయునది ఏమనగా, శ్రీకాకుళం జిల్లా సముద్రతీరాన గల మొగలిరేవు పాలెం పేదరికానికి కారణం ఎట్టకేలకు కనుగొనబడినది. కారణం భూగోళం. ఇందులో మనుష్యుల దోషం ఏమీ లేదని, కార్యాలయాలలో కూర్చునే మనుష్యుల దోషం బొత్తిగా లేదని రూఢి కావడంతో జిల్లాలో చాలామంది ఆ రాత్రి హాయిగా నిద్రపోయారు.

అది పంచవర్ష ప్రణాళికకు సెలవిచ్చిన కాలం. ప్రణాళికకు సెలవుంటుంది గాని సంఘాలకు సెలవుండదు. జిల్లాకు ఒక ఐసు ఫ్యాక్టరీ మంజూరైంది. అది ఎక్కడ వెలయవలెనో తేల్చడానికి ఏడుగురు సభ్యులతో భౌగోళిక కారణాల పరిశీలక సంఘం వెలిసింది. అధ్యక్షులు జగన్నాధంగారు. చిలకా సరస్సును రైలు కిటికీలోంచి రెండుసార్లు చూసి, రెండుసార్లూ సముద్రమనుకున్న అనుభవశాలి. కార్యదర్శి గణపతిరావుగారు విజయనగరంలో భూగోళ పండితులు. ప్రపంచ పటాన్ని కళ్ళు మూసుకుని గీయగలరు. కళ్ళు తెరిచి గీయమని ఇంతవరకు వారిని ఎవరూ కోరలేదు.

ఈ సంఘం కోసం మొగలిరేవులో అందరికంటే ఎక్కువగా ఎదురుచూసిన మనిషి గురమ్మ. పాలెం చేపను గంపకెత్తి, గెడ్డలో మొలలోతు నీళ్ళు దాటి, బస్సు రోడ్డెక్కి, ఆమదాలవలస స్టేషను చేర్చడం ఆమె వృత్తి. హౌరా వెళ్ళే బండిలో మంచి చేపకు ఎప్పుడూ చోటుంటుంది. ఆమె చేపకు మాత్రం ఎప్పుడూ ఉండదు. పొద్దున్న పాలెంలో ఎగిరిన చేప మధ్యాహ్నానికి స్టేషనులో కుక్కలను పరీక్షించేది. ఆమె పెనిమిటి లక్ష్ముడు ఈ వ్యాపారంతో విసిగి, ఒరిస్సాలో కొత్త రేవు కడుతున్న పారాదీపుకు రాళ్ళు మోయడానికి వెళ్ళాడు. పాలెంలో ఐసు ఫ్యాక్టరీ పడితే తిరిగి వస్తానని కబురంపాడు. పడకపోతే ఆమెనే రమ్మన్నాడు. ఆ విధంగా ఒక సంసారం గడ్డకట్టిన నీటి మీద ఆధారపడి ఉన్నది.

వైశాఖ మాసంలో ఒక పూట జీపు వచ్చింది. గణపతిరావుగారు ఇసుకలో ముక్కాలి పీట మీద నిలిచి, పటం విప్పి, ఉపన్యసించారు.

"సోదర సోదరీమణులారా! ఇంగ్లండు ఎందుకు ధనిక దేశం? అక్కడ బొగ్గు ఉన్నది, చలి ఉన్నది, తీరం వంకరటింకరగా ఉన్నది. జపాను ఎందుకు ధనిక దేశం? వంకరలే! తీరం వంకర తిరిగిన చోట ఓడ ఆగుతుంది. ఓడ ఆగిన చోట లక్ష్మి దిగుతుంది. మీ తీరమో? గీత గీసినట్టు తిన్నగా ఉన్నది. లక్ష్మి దిగడానికి మెట్టేదీ?"

సభ్యులు కరతాళధ్వనులు చేశారు. పాలెం జనం తమ తీరాన్ని ఇటు నుంచి అటు చూసి, ఇన్నాళ్ళూ ఇంత తిన్నగా ఉన్నందుకు సిగ్గుపడ్డారు.

గురమ్మ మాత్రం అడిగింది. "బాబూ, జపానోల్ల సంద్రం, మా సంద్రం ఒకటే కాదేటి?"

"నీరు ఒకటే తల్లీ. ఒడ్డు వేరు."

"సేప నీటిలో ఉంతాది గదా బాబూ? ఒడ్డునుంతాదేటి?"

ఈ ప్రశ్న పాఠ్యాంశంలో లేనందున నమోదు కాలేదు. జగన్నాధంగారు లేచి, తీరాన్ని ప్రభుత్వ ఖర్చుతో మూడు చోట్ల వంచే విషయం పరిశీలించేందుకు ఒక ఉపసంఘాన్ని అక్కడికక్కడే నియమించారు.

అంతలో పెద్దవల ఒడ్డుకు వచ్చే వేళయింది. రెండు వరుసల జనం తాళ్ళు పట్టి లాగుతుంటే, సంఘంవారి వెంట వచ్చిన ఫోటోగ్రాఫరుకు ఆ దృశ్యం ముచ్చటగొలిపింది. సభ్యులు ఏడుగురూ పంచెలు, ప్యాంట్లు పైకి మడిచి తాడు మీద చేతులు వేశారు. నవ్వమంటే నవ్వారు. కదలవద్దంటే కదలలేదు. వారు కదలకపోవడం చేత వల కూడా కాసేపు కదలలేదు.

పాలెంలో ఒక కట్టుబాటు ఉన్నది. వల ఒడ్డెక్కే వేళ తాడు మీద చెయ్యి వేసినవాడు దారిన పోయేవాడైనా సరే, పట్టులో పాలుకు హక్కుదారు. కుల పెద్ద అసిరయ్య ఏడు పాళ్ళు విడిగా తీయించాడు. వంజరాలు, చందువాలు, మేలైనవి.

గురమ్మ నడుము మీద చెయ్యి వేసింది. "ఏటి మావా, ఆలు లాగినారేటి? ఏలాడినారు!"

"లాగినా ఏలాడినా తాడు తాడే ఒలే. ముట్టినోడికి ఇయ్యకపోతే గంగమ్మ తల్లి మూతి ముడుస్తాది."

"ఆలు ముట్టినాక వలే ఆగిపోనాది గదా మావా! బరువు పెంచినోడికీ పాలేనా?"

"పెద్దోల్లే. బరువుంతారు," అన్నాడు అసిరయ్య.

అప్పుడు గురమ్మ ముఖంలో ఒక వెలుగు వచ్చింది. తన పాలుకు వచ్చిన రెండు వంజరాలను కూడా తెచ్చి ఆ ఏడు పాళ్ళ మీద పెట్టింది. "పోనీ మావా, జీపులో ఎయ్యండి. విజీనారం దాకా ఎండలో ఎల్తాది గదా. నానేటి సెప్పినా ఆల సెవికెక్కదు. ఆల ముక్కుకే సెప్పనీ."

పాలెమంతా నవ్వింది. ఇంత తెలివైన అర్జీ జిల్లాలో ఇంతవరకు ఎవరూ పెట్టలేదని అసిరయ్య మెచ్చుకున్నాడు. కాగితం మీద రాసిన అర్జీని బల్ల సొరుగులో పెట్టి మరిచిపోవచ్చు. వంజరాన్ని అలా మరిచిపోవడం కష్టం.

అర్జీ అనుకున్నట్టే పనిచేసింది. జీపు గెడ్డలోని ఇసుకలో గంటసేపు కూరుకున్నది. పాలెం జనమే దానిని తోశారు. శ్రీకాకుళంలో భోజనం, భోజనానంతరం విశ్రాంతి, ఆమదాలవలసలో కాఫీ అయినవి. విజయనగరం దారిలో, గోగు చేల నడుమ గల నేరేడువలస అనే మెట్ట గ్రామం వద్ద, అధ్యక్షులవారు ఉత్తరీయంతో ముక్కు మూసుకుని జీపు ఆపించారు. ఏడుగురూ దిగి గాలివాటుకు నిలబడ్డారు. దేశ చరిత్రలో ఒక సంఘం ప్రజల బాధను ఇంత దగ్గరగా ఆఘ్రాణించిన సందర్భం మరొకటి లేదు.

గణపతిరావుగారు చేతి గడియారం చూశారు. పటం తీశారు. నేరేడువలస మీద ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టారు.

నివేదిక నెల తిరగకుండా వెలువడింది. ప్రతిభావంతమైన ఆ నివేదిక సారాంశం ఇది: మొగలిరేవులో చేప తాజాగా ఉన్నట్టు సంఘం స్వయంగా గమనించింది. తాజాగా ఉన్న చేపకు ఐసు అనవసరం. నేరేడువలస వద్ద చేప చెడినట్టు ఏడు ముక్కులూ ఏకగ్రీవంగా ధ్రువీకరించినవి. కావున అవసరం నేరేడువలసలో ఉన్నది. అదీగాక, పని చేయని ఏడుగురికి మేలైన చేప పంచిపెట్టగల పాలెమును వెనుకబడినదిగా భావించజాలము.

నేరేడువలసలో ఫ్యాక్టరీ వెలిసింది. అక్కడ చేప లేదు. నీరు కూడా లేదు. నీటిని నాలుగు మైళ్ళ నుంచి ఎడ్లబళ్ళు తెస్తున్నవి. ప్రారంభోత్సవ సభలో జగన్నాధంగారు, "ప్రకృతి కరుణించని చోట పరిశ్రమను నిలబెట్టడమే మానవ విజయం" అని సెలవిచ్చి, చల్లని నిమ్మరసం సేవించారు.

మర్నాడే గురమ్మ గంపతో అక్కడికి వెళ్ళింది. తెల్లవారి బయలుదేరి, గెడ్డ దాటి, బస్సెక్కి, బస్సువాడు దింపేస్తే నడిచి, మూడో ఝాముకు చేరింది. మేనేజరు మర్యాదస్థుడు. గంపలోకి చూసి, ముఖం పక్కకు తిప్పి, ఐసు పొడి సమృద్ధిగా చల్లించాడు.

"నిశ్చింతగా ఉండమ్మా. ఇక ఇది ఇంతకంటే చెడదు."

గురమ్మ గంపను అక్కడే దించేసింది. "అయితే నువ్వే ఉంచుకో బాబూ. బాగా కాపాడు." ఆ మాటను మేనేజరు సందర్శకుల పుస్తకంలో ప్రశంసగా రాసుకున్నాడు.

ఆ వారంలోనే ఆమె ఆమదాలవలసలో బండెక్కింది. హౌరా వైపు వెళ్ళే బండిలో తాజా చేపకు ఉన్నట్టే తాజా కూలీకి కూడా ఎప్పుడూ చోటుంటుంది. ఆమె వెనుక పద్నాలుగు కుటుంబాలు పారాదీపు దారి పట్టినవి. తాడు లాగే చేతులు చాలక పెద్దవల ఇసుకలో ఎండుతున్నది. గణపతిరావుగారు దీని మీద అనుబంధ నివేదిక సమర్పించారు. మొగలిరేవు జనానికి సొంత ఊరి మీద మమకారం తక్కువ అని, వెనుకబాటుకు ఇది రెండవ భౌగోళిక కారణమని అందులో నిరూపించారు.

ఐసు వృథా పోవడం లేదు. విజయనగరంలో సోడా దుకాణాలకు, పెళ్ళి పందిళ్ళకు, సాహిత్య సభలకు దివ్యంగా సరఫరా అవుతున్నది. ఈ వేసవిలో ఈ కథ చదువుతున్న తమ చేతి గ్లాసులో తేలుతున్న ముక్క కూడా అక్కడిదే కావచ్చు. తాము గ్లాసు కింద పెట్టి గురమ్మను గురించి ఆలోచించనక్కరలేదు. కరిగిపోతుంది.