మూడో తలుపు

"ఆమ్ జనతాకు తెలియజేయునది ఏమనగా!" అంటూ ఆ పొద్దున తాళ్ళవాగు వీధుల్లో చెత్తబండి మైకు మోగింది. "మన నగర్ పంచాయత్ అధ్యక్షులు శ్రీ గవర్రాజుగారి దూరదృష్టి వల్ల, బస్టాండు శౌచాలయ సమస్య మీద మహా జన చర్చ! ఆదివారం, అంగడి రోజు, మధ్యాహ్నం పన్నెండింటికి! అందరూ తప్పక రావాలె! తడిచెత్త, పొడిచెత్త వేరువేరుగా తేవాలె!"

బస్టాండులో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని ఈ మాట విన్న ఉప్పలయ్య ఉలిక్కిపడ్డాడు. పదకొండేళ్ళుగా ఆ శౌచాలయానికి చౌకీదారు అతనే. అక్కడ ఏ చీమ ఏ గోడ ఎక్కుతుందో అతనికి తెలుసు. తెలియనిదల్లా తన శౌచాలయానికి ఒక సమస్య ఉందన్న సంగతే. ప్రభుత్వం అన్నాక అంతే మరి. మనకు లేని జబ్బును కూడా వాళ్ళే ముందు కనిపెడతారు.

భోపాల్‌పట్నం బస్సులో వచ్చేవాళ్ళకు తాళ్ళవాగును కొత్తగా చెప్పనక్కర్లేదు. బస్సు అక్కడ పావుగంట ఆగుతుంది. ఒక టీకొట్టు, ఒక శౌచాలయం, ఎదురుగా గాజుల కొట్టు. శౌచాలయానికి రెండు తలుపులు, ఒక్కో తలుపుకు ఒక లెక్కల రిజిస్టరు. మగవాళ్ళ తలుపు మీద తలపాగా బొమ్మ, ఆడవాళ్ళ తలుపు మీద కొప్పు బొమ్మ. ఆడవాళ్ళ తలుపుకు లోపల గొళ్ళెం లేక ఆరేళ్ళయింది. ఇప్పపూలు మేసి మత్తెక్కిన ఎలుగుబంటి ఒకటి వచ్చి దాన్ని ఊడబెరికిందని ఉప్పలయ్య చెబుతాడు. తుప్పుపట్టి రాలిందని కూరగాయల సమ్మక్క చెబుతుంది. దరఖాస్తులో మాత్రం ఎలుగుబంటే పడింది. అందుకని ఆ కాగితం అడవి చూసుకునేవాళ్ళ దగ్గరికి పోయింది. వాళ్ళు ఎలుగుబంటి వయసెంతని అడిగారు. జవాబు చెప్పగలవాళ్ళు ఊళ్ళో లేక గొళ్ళెం రాలేదు.

గొళ్ళెం లేకపోయినా తాళ్ళవాగులో రేణుక ఉంది.

రేణుక టీకొట్టు యజమానురాలు. పుట్టినప్పుడు మగపిల్లాడని పేరు పెట్టారు. పెద్దయ్యాక ఆమె ఆ పేరూ, ఆ బట్టలూ ఇంటి దగ్గరే వదిలేసి, చీర కట్టుకుని, కెటిల్ పట్టుకుని ఈ ఊరికి వచ్చింది. ఊరు వారం రోజులు ఆ సంగతి నమిలింది. ఎనిమిదో రోజున టీ బాగుందని తేలింది. అంతటితో ఆ చర్చ ముగిసింది. మనిషి ఆరడుగుల ఎత్తు, గొంతు గుడి గంట. అంగడికొచ్చిన ఆడవాళ్ళు లోపలికి వెళితే రేణుక తలుపుకు వీపు ఆనించి, కెటిల్ ఊపుతూ, "లోపల మనిషున్నది!" అని తెలుగులో, హిందీలో, హల్బీలో, దోర్లీలో వరసగా కేకేసేది. అటువైపు తొంగిచూసే మొనగాడు బస్తర్ మొత్తంలో పుట్టలేదు. రేణుక లోపలికి వెళ్ళేటప్పుడు సమ్మక్క కాపలా. ఇదీ ఏర్పాటు.

ఇలా ఉండగా రాజధాని నుంచి ఒక కాగితం వచ్చింది. 'ప్రజా శౌచాలయాల్లో తృతీయ లింగ వ్యక్తులు పడుతున్న ఇబ్బందులు. సంఖ్య తెలుపుడు.' దాన్ని పట్టుకుని నగర్ పంచాయత్ పెద్దాఫీసరు సంజయ్ సాబ్ స్వయంగా బస్టాండుకు వచ్చాడు. మంచి మనిషి. కాగితంలో ఏ గడి ఖాళీగా ఉన్నా చూడలేడు.

"ఉప్పలయ్యా, ఇక్కడ ఎంతమందికి దిక్కత్ ఉంది?"

"ఎవ్వలికి లేదు సాబ్."

"రేణుకకు?"

"ఆమెకేం దిక్కత్? ఆమె లేకుంటెనే ఊరికి దిక్కత్."

సంజయ్ సాబ్ ముఖం చిన్నబోయింది. "సున్నా రాస్తే మనం పని చెయ్యలేదనుకుంటారయ్యా. పక్క నగర్ పంచాయత్‌వాళ్ళు పదిహేడు రాశారు."

"ఆడ పదిహేడు మంది ఉన్నరా సాబ్?"

"వెతుకుతున్నారు."

మహా జన చర్చ అలా పుట్టింది. షామియానా వేశారు. అధ్యక్షుడు గవర్రాజు మైకు అందుకున్నాడు. ఈయన కోస్తా నుంచి కిరండూల్‌కు ఇనుప గనుల కాంట్రాక్టుకు వచ్చి, అక్కడి నుంచి ఇటు దొర్లి, సిమెంటు కొట్టు పెట్టి, ఊరికి పెద్ద అయినవాడు. మాట్లాడితే ముందు వరసవాళ్ళు తువ్వాళ్ళు అడ్డం పెట్టుకుంటారు.

"ఆడవాళ్ళ భద్రత నా ప్రాణవండీ! ఎదురుగా గాజుల కొట్లో కూర్చునే మా ఊర్మిల సంగతే చూడండి. రోజుకు రెండుసార్లు ఆ తలుపులోకి వెళ్ళాలి. నేను భర్తనా కాదా? నాకు భయం ఉండదా?"

ఊర్మిల గాజుల మూటతో మూడో వరసలో కూర్చుని ఉంది. భయపడుతున్నట్టు ఎక్కడా కనిపించలేదు. అయినా భయం ఆయనది కదా, ఆమెను అడగడమెందుకని ఎవరూ అడగలేదు.

చర్చ మహా రంజుగా సాగింది. రేణుక ఆడవాళ్ళ తలుపులోకి వెళ్ళకూడదని ఒక పక్షం. మగవాళ్ళ తలుపులోకి రాకూడదని ఇంకో పక్షం. ఒకరి మాటకు ఒకరు చప్పట్లు కొట్టుకున్నారు. చివరికి ఇరుపక్షాలనూ గౌరవిస్తూ, రేణుక ఏ తలుపు దగ్గరికీ వెళ్ళకూడదని తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఆమె కోసం మూడో తలుపు కడతారు.

సమ్మక్క లేచింది. "సారూ, మా తలుపుకు ఆ గొళ్ళెం..."

"అమ్మా, గొళ్ళెం ఎజెండాలో లేదండీ. ఇప్పుడు మనం మాట్లాడేది ఆడవాళ్ళ భద్రత గురించి."

అందరికీ టీ పోస్తున్న రేణుక కెటిల్ కింద పెట్టింది. "మూడో తలుపు కట్టేదాక నేనేడికి పోవాలె అధ్యక్షా?"

"ఓపిక పట్టాలమ్మా. ఇది నీ గౌరవం కోసం కడుతున్నది. గౌరవం అంటే కాస్త ఆలస్యమవుద్ది."

ఆ సాయంత్రమే సంజయ్ సాబ్ కాగితం మీద సున్నా కొట్టేసి 'ఒకటి' రాశాడు. ఇప్పుడు అదే నిజం.

మర్నాటి నుంచి రేణుక టేకుచెట్ల అవతల వాగు దాకా నడిచింది. పోనూ రానూ ముప్పావుగంట. ఈలోపు భోపాల్‌పట్నం బస్సు వచ్చేది, హారన్ కొట్టేది, ఖాళీ పొయ్యిని చూసి పోయేది. వారం చూసి డ్రైవరు తన పావుగంటను ముందు ఊరికి మార్చుకున్నాడు. బేరం సగానికి సగం పడింది. ఎండలు ముదిరాయి. రేణుక నీళ్ళు తాగడం మానేసింది. కాపలా మనిషి లేక సమ్మక్క మానేసింది. ఊర్మిల మానేసింది. తాళ్ళవాగు బస్టాండులో ఆడవాళ్ళంతా పెదాలు పగిలి, భద్రంగా ఉన్నారు.

ఉప్పలయ్యకు ప్రాణం ఒప్పలేదు. "బిడ్డా, నేను కండ్లు మూసుకుంట. నువ్వు పోయిరా."

"నీ నౌకరి పోతది కాకా. కండ్లు మూసుకున్నోనికి తాళాల గుత్తెందుకని ఊడగుంజుకుంటరు."

మూడో గది లేచింది. ఏం గది! తెల్ల టైల్సు, అద్దం, నీళ్ళ టాంకీ, లోపల జానెడు ఇత్తడి గొళ్ళెం. ఇక తలుపు మీద బొమ్మ ఒక్కటే మిగిలింది. ఆ బొమ్మ కోసం మూడు మీటింగులు జరిగాయి. సగం ధోవతి, సగం చీర వెయ్యమన్నారు. చీర కుడివైపా ఎడమవైపా అన్నదగ్గర మొదటి మీటింగు చెదిరింది. దేవుడి బొమ్మ వెయ్యమంటే, శౌచాలయం మీద దేవుడేమిటని రెండోది చెదిరింది. ప్రశ్నార్థకం వేస్తే పోలా అన్నాడు సంజయ్ సాబ్. ప్రశ్న ఎవరికని ఎవరో అడిగారు. మూడోది చెదిరింది.

కోస అనే పెయింటరు కుంచె పట్టుకుని నాలుగు రోజులు నిలబడ్డాడు. ఐదో రోజున టీకొట్టుకు వచ్చాడు. "అక్కా, తలుపు నీది. ఏం బొమ్మ ఎయ్యాలె?"

"లోపల ఏమున్నదో అదెయ్యి."

"లోపలేమున్నది?"

"గొళ్ళెం. ఇంకేం గావాలె మనిషికి?"

కోస మనిషెత్తు గొళ్ళెం వేశాడు. పసుపు రంగు. ఎండ పడితే మైలు దూరం నుంచి మెరిసేది. వాగవతల ఎడ్లు దాన్ని చూసి బెదిరాయని ఉప్పలయ్య ఇప్పటికీ చెబుతాడు. గవర్రాజు రిబ్బను కత్తిరిస్తూ, ఆ గొళ్ళెం తాళ్ళవాగు ప్రజల ఐకమత్యానికి గుర్తని ప్రకటించాడు.

సంజయ్ సాబ్ నియమాలు చదివాడు. రెండే రెండు. 'ఒకటి: ఈ తలుపు వాడదలచిన తృతీయ లింగ వ్యక్తి జిల్లా కచేరీ ఇచ్చిన ధ్రువపత్రం చూపవలెను. రెండు: ఈ తలుపులోంచి వెళ్ళిన ప్రతి మనిషి పేరు తృతీయ లింగ రిజిస్టరులో రాయవలెను.'

మర్నాడు పొద్దున్నే మొదట వచ్చింది రేణుక. కొత్త చీర కట్టుకుంది. ఉప్పలయ్య లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్ళీ నిలబడ్డాడు.

"కాగితమున్నదా బిడ్డా?"

"జిల్లా కచేరీల పెట్టుకున్న. 'నువ్వే రేణుకవని సబూత్ ఏంది' అన్నడు ఆడున్న గుమాస్తా. నువ్వు నన్నెరుగవా కాకా?"

"ఎరుగుదు. కని ఎరుకను రిజిస్టర్ల అంటిచ్చెటందుకు జాగ లేకపాయె."

రేణుక కొంగు నడుముకు చుట్టుకుని వాగు వైపు తిరిగింది. ఉప్పలయ్య తాళాల గుత్తి వంక చూశాడు. అది ఆ రోజు మణుగు బరువైంది.

అప్పుడే చింతపండు గంప నెత్తిన పెట్టుకుని హిడ్మే అనే ఆమె అడవి పల్లె నుంచి అంగడికి వచ్చింది. చదువు రాదు. కొప్పు బొమ్మ చూసింది, గొళ్ళెం బొమ్మ చూసింది. గంప దించి గొళ్ళెం తలుపులోకి వెళ్ళింది. లోపల ఠక్‌మంది. ఆరేళ్ళ తర్వాత తాళ్ళవాగు ఆడవాళ్ళు విన్న మొదటి గొళ్ళెం చప్పుడు అది. సమ్మక్క తక్కెడ పడేసి వచ్చింది. ఊర్మిల గాజుల కొట్టు తెరిచిపెట్టి వచ్చింది. పది నిమిషాల్లో వరస బస్టాండు గేటు దాటింది.

ఉప్పలయ్య ఆఫీసుకు ఉరికాడు. "సాబ్, ఆడోళ్ళు మూడో తలుపులకు పోతున్నరు. కాగితం అడగాల్నా?"

సంజయ్ సాబ్ నియమాల కాగితం కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకున్నాడు. "తృతీయ లింగ వ్యక్తి కాగితం చూపాలి అని ఉంది. వాళ్ళు తృతీయ లింగమా?"

"కాదు సాబ్."

"మరి వాళ్ళను కాగితం ఎలా అడుగుతావు? నియమ విరుద్ధం."

"రిజిస్టర్ల రాయాల్నా మరి?"

"ప్రతి మనిషినీ రాయాలి. రెండో నియమం చదవలేదూ?"

ఉప్పలయ్య రాశాడు. తప్పు లేకుండా, తండ్రి పేరో భర్త పేరో అడిగి, ఫోన్లో ఫొటో తీసి మరీ రాశాడు. రెండు నెలల్లో నూట పన్నెండు పేర్లయ్యాయి. రిజిస్టరు రాజధానికి పోయింది. అక్కడి నుంచి వచ్చిన ఉత్తరం చదివి సంజయ్ సాబ్ కళ్ళు తుడుచుకున్నాడు. 'నాలుగు వేల జనాభా గల మీ పట్టణంలో నూట పన్నెండు మంది తృతీయ లింగ వ్యక్తులు గౌరవంగా జీవించుచున్నందుకు అభినందనలు. వారందరికీ గుర్తింపు కార్డులు జతచేయడమైనది. ఘనంగా పంపిణీ చేయుడు.'

ఘనంగానే చేశారు. మళ్ళీ అదే షామియానా. పెద్దలకు టీ రేణుకే పోసింది. పోసి, అందరూ చూస్తుండగా, కుండలో ముంచి ఒక చెంబు నీళ్ళు తాగింది. ఇంకో చెంబు తాగింది. ఎవరూ పట్టించుకోలేదు. ఉప్పలయ్య ఒక్కడే ఆ చెంబులు చూశాడు.

గవర్రాజు జాబితా విప్పాడు. "సమాజం వెలివేసిన ఈ అభాగ్యులకు అండగా నేనున్నానండీ! మొట్టమొదటి కార్డు, శ్రీమతి ఊర్మిల. భర్త పేరు..."

మైకు కాసేపు గరగరమంది. గవర్రాజు సంజయ్ సాబ్ వైపు వంగాడు. "ఏవిటండీ ఇది?"

"రాజధాని రికార్డు సర్. తప్పనడానికి మనకు అధికారం లేదు."

గవర్రాజు అనుభవం ఉన్న నాయకుడు. ముందుగా తానే చప్పట్లు కొట్టాడు. జనం అందుకున్నారు. ఊర్మిల వేదిక ఎక్కి కార్డు మెళ్ళో వేయించుకుంది. "ఫొటో బాగా పడిందండీ. ఆధార్‌లో దొంగలా ఉన్నాను" అంది భర్తతో. సమ్మక్క కార్డును కొంగుతో తుడిచి జాకెట్లో పెట్టుకుంది. హిడ్మే తన కార్డును తిరగేసి చూసి, చింతపండు తూకానికి పనికొస్తుందేమోనని చేత్తో బరువు చూసింది. నూట పన్నెండూ అయిపోయాయి.

"ఇంకెవరైనా మిగిలారా?" అన్నాడు గవర్రాజు.

రేణుక కెటిల్ సమ్మక్క చేతికిచ్చింది. షామియానా కిందినుంచి బయటికి నడిచి, నెలల తరబడి సాలీళ్ళు తప్ప ఎవరూ తొక్కని కొప్పు బొమ్మ తలుపు తోసి, లోపలికి వెళ్ళింది.

"అరే, అరే!" సంజయ్ సాబ్ లేచాడు. "ఉప్పలయ్యా! తీర్మానం ఉంది కదా! అది మహిళల తలుపు!"

ఉప్పలయ్య కళ్ళు మూసుకోలేదు. పెన్ను వెతుక్కుంటున్నాడు.

ఈలోపు ఊర్మిల వేదిక దిగింది. మెళ్ళో కార్డు ఊగుతూ ఉండగా నడుచుకుంటూ వెళ్ళి, ఆ గొళ్ళెం లేని తలుపుకు వీపు ఆనించి నిలబడి, తాళ్ళవాగు అదిరేలా కేకేసింది.

"లోపల మనిషుందండీ!"

పెన్ను దొరికింది. ఉప్పలయ్య మహిళల రిజిస్టరు దులిపి, ఆ రోజు తారీకు వేసి, పక్కన 'ఒకరు' అని రాశాడు. ఆ నెల రాజధానికి వెళ్ళిన లెక్కలో తాళ్ళవాగు బస్టాండుకు వచ్చిన మహిళలు ఆ ఒక్కరే.